గళ్ల చొక్కాల ఏడాది

పోర్చుగల్ లీగ్ చాంపియన్ల పట్టీని చదవడానికి పెద్దగా ఓపిక అక్కర్లేదు. 1934-35 దగ్గర వేలు పెట్టి కిందికి వస్తూ ఉంటే మూడే పేర్లు తిరిగి తిరిగి ఎదురవుతాయి. బెన్‌ఫికా, పోర్టో, స్పోర్టింగ్. తొంభై ఏళ్లుగా ఇదే తంతు. రెండు చోట్ల మాత్రం వేలు ఆగుతుంది. 1945-46లో లిస్బన్‌కు చెందిన బెలెనెన్సెస్. మళ్లీ 55 ఏళ్ల తర్వాత, 2000-01లో, పోర్టో నగరంలో రెండో క్లబ్బుగా బతికిన బోవిస్టా. ఆ రెండూ తప్పితే 2025 వరకూ నాలుగో ఇంటివాడికి టైటిల్ దక్కలేదు.

బోవిస్టా పేరు ఎత్తగానే ఎవరో ఒకరు అద్భుతం అంటారు. 2016లో ఇంగ్లండ్‌లో లెస్టర్ గెలిచినప్పటి నుంచి ఈ మాట మరీ ఎక్కువైంది. రెండింటినీ ఒకే గాటన కట్టేసి, చిన్నవాళ్లు పెద్దవాళ్లను కొట్టారహో అని చాటేస్తుంటారు. ఈ కాలమ్ దానికి ఒప్పుకోదు.

లెస్టర్ గెలవడానికి ముందు ఏడాది 14వ స్థానంలో ఉంది, గెలిచిన మరుసటి ఏడాది 12లో తేలింది. దాన్ని అద్భుతం అంటే అనొచ్చు. బోవిస్టా లెక్క వేరు. 1998-99లో రెండో స్థానం. ఆ తర్వాతి ఏడాది నాలుగు. 2000-01లో టైటిల్. 2001-02లో మళ్లీ రెండు. 2003లో యూఈఎఫ్ఏ కప్ సెమీఫైనల్. అంతకుముందే పోర్చుగల్ కప్పును ఐదుసార్లు ఇంటికి తెచ్చుకున్న క్లబ్బు అది. 1975-76లోనే, జోసే మరియా పెడ్రోటో కోచ్‌గా ఉన్న రోజుల్లో, లీగ్‌లో రెండో స్థానం దాకా వచ్చింది. మెట్టు మెట్టూ ఎక్కుతూ వచ్చినవాడు మేడ మీద కనిపిస్తే గాలివాటంగా వచ్చి పడ్డాడంటే ఎలా?

ఎక్కించినవాడి పేరు జైమె పషేకో. ఆటగాడిగా మిడ్‌ఫీల్డర్. పోర్టోకీ స్పోర్టింగ్‌కీ ఆడాడు. 1997 చివర్లో బోవిస్టా పగ్గాలు పట్టేనాటికి ఆయన మీద పెద్ద ఆశలేమీ లేవు. యూరప్ పత్రికలు పేజీలకు పేజీలు రాసుకునేలాంటి కొత్త సిద్ధాంతమూ ఆయన దగ్గర లేదు. ఆయన నేర్పింది ఒకే ఒక్క విద్య. గోల్ ఇవ్వకపోవడం. చెప్పుకోవడానికి చప్పగా ఉంటుంది కానీ ఫుట్‌బాల్‌లో ఇంతకంటే కష్టమైన పని లేదు. గోల్ కొట్టడానికి ఒకడి మెరుపు చాలు. గోల్ ఇవ్వకుండా ఉండాలంటే పదకొండు మందీ తొంభై నిమిషాలూ ఒకే మాట మీద నిలబడాలి.

అది మైదానంలో ఎలా ఉండేదో చూడాలంటే పాత వీడియోల్లో బంతిని వదిలేసి ఒక్క పెటీ మీద కన్నేయాలి. పొట్టిగా ఉంటాడు. పుట్టింది ఫ్రాన్స్‌లో, స్ట్రాస్‌బర్గ్‌లో. అందుకే ఫ్రెంచ్‌లో పొట్టివాడని ముద్దుపేరు, అదే స్థిరపడిపోయింది. అసలు పేరు అర్మాండో టెయిషేరా. కింది డివిజన్ల క్లబ్బుల్లో చెమటోడ్చి, గిల్ విసెంటె మీదుగా 2000లో బోవిస్టాకు వచ్చాడు. ఎదుటి జట్టు మిడ్‌ఫీల్డర్ తమ గోల్ వైపు మొహం పెట్టి పాస్ అందుకుంటున్నాడనుకోండి. బంతి అతని కాలికి తగిలేలోపే పెటీ వీపు వెనక ఉంటాడు. అవతలివాడు తిరగాలంటే తిరగలేడు. వెనక్కి పాస్ ఇస్తే బోవిస్టా గీత అంతా రెండు గజాలు ముందుకు జరుగుతుంది. తెగించి తిరిగితే కాలు అడ్డం పడుతుంది. అది తప్పిపోయినా కంగారు లేదు, నాలుగు గజాల వెనక రుయ్ బెంటో కాపు కాసి ఉంటాడు. బెంటో పరిగెత్తడు, పరిగెత్తాల్సిన అవసరం తెచ్చుకోడు. పెటీ వేటాడితే పడిన బంతిని ఏరుకోవడం, రెండడుగుల్లో పక్కవాడికి అందించడం అతని పని. ఇద్దరూ కలిసి మైదానం నడిమధ్యను ఎవరూ అడుగుపెట్టని బురదనేలగా మార్చేశారు.

ఈ బెంటో కథ కూడా చెప్పుకోదగ్గదే. 1991లో లిస్బన్‌లో ప్రపంచ యువ కప్పు గెలిచిన పోర్చుగల్ జట్టులో ఉన్నాడు. ఫిగో, రుయ్ కోస్టా ఉన్న జట్టు అది. తోటివాళ్లు బార్సిలోనాకూ ఫ్లోరెన్స్‌కూ వెళితే, బెన్‌ఫికాలో ఒక్క సీజనే ఆడిన బెంటో 1992లో బోవిస్టాకు చేరి తొమ్మిదేళ్లు అక్కడే ఉండిపోయాడు. ఎర్విన్ సాంచెజ్ కూడా అంతే. బొలీవియా దేశస్థుడు. 1994 ప్రపంచ కప్‌లో స్పెయిన్ మీద అతను కొట్టిన గోలే ప్రపంచ కప్ చరిత్రలో బొలీవియా కొట్టిన ఏకైక గోల్. బోవిస్టా నుంచి బెన్‌ఫికాకు వెళ్లాడు, అక్కడ కుదురుకోలేదు, మళ్లీ పాత గూటికే వచ్చాడు. ఈ జట్టులో తీరిగ్గా తలెత్తి చూసి పాస్ ఇచ్చే హక్కు ఉన్నది ఇతనొక్కడికే. వెనక లిటోస్, పెడ్రో ఎమాన్యుయెల్. గోల్‌లో రికార్డో. 2004 యూరోలో ఇంగ్లండ్ మీద గ్లవ్స్ విప్పేసి పెనాల్టీ ఆపి, తర్వాతి పెనాల్టీ తనే కొట్టినవాడు గుర్తున్నాడా? అతనే ఇతను.

పెద్ద క్లబ్బులు వద్దనుకున్నవాళ్లు కొందరు, వాళ్ల కంట పడనివాళ్లు మరికొందరు. జట్టంటే అంతే.

సీజన్ మొదట్లోనే ఒక మ్యాచ్ ఉంది. అప్పట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. 2000 సెప్టెంబర్ 23న బెన్‌ఫికా, బోవిస్టా సొంత మైదానమైన బెస్సా స్టేడియానికి వచ్చింది. యుప్ హెయింకెస్ వెళ్లిపోవడంతో ఆ కుర్చీలో అప్పుడే కూర్చున్న కొత్త కోచ్‌కు హెడ్ కోచ్‌గా అదే మొదటి మ్యాచ్. అతని పేరు జోసే మొరీన్యో. బోవిస్టా 1-0తో గెలిచింది. మూడున్నరేళ్ల తర్వాత పోర్టోతో చాంపియన్స్ లీగ్ ఎత్తుకున్న మొరీన్యో శిక్షక జీవితం బోవిస్టా గళ్ల చొక్కాల చేతిలో ఓటమితో మొదలైందన్నమాట. గోల్ ఇవ్వకుండా గెలవడం ఎలాగో ఆ తర్వాత ప్రపంచానికి పాఠాలు చెప్పింది కూడా ఆయనే.

సగం సీజన్ ముగిసే 17వ రౌండ్‌లో పోర్టో వచ్చింది. ఒకే ఊరి రెండు జట్లు. మళ్లీ 1-0. మార్టెలీన్యో గోల్. రెక్కల వెంబడి పరిగెత్తే ఈ చిన్న మనిషి పేరు పోర్చుగల్ బయట ఎవరికీ తెలియదు, బెస్సా చుట్టుపక్కల మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు గెలిచిన మూడు పాయింట్లకు విలువ మే నెలలో తెలిసొచ్చింది.

మే 18, 2001. ఇంకో మ్యాచ్ మిగిలి ఉండగానే అవెస్ మీద 3-0తో గెలిచి బోవిస్టా చాంపియన్ అయింది. 1933 నుంచి తొడుగుతున్న నలుపు తెలుపు గళ్ల చొక్కాలతో జనం మైదానంలోకి దూకేశారు. పోర్చుగల్‌లో బెన్‌ఫికా గుర్తు గద్ద, స్పోర్టింగ్ గుర్తు సింహం, పోర్టో గుర్తు డ్రాగన్. ఆ ఏడాది వాటన్నిటి పైన నల్ల పాంథర్ కూర్చుంది. ఆఖరి రౌండ్‌లో పోర్టో మైదానం అంటాస్‌కు వెళ్లి 4-0తో చిత్తుగా ఓడారు కూడా. పండగ మత్తు దిగని జట్టుకు ఓటమైనా ఒకటే, గెలుపైనా ఒకటే. కానీ ఆ ఓటమి వల్ల పట్టికలో తేడా ఒక్క పాయింటుకు పడిపోయింది. 77, 76. లెక్కలు మాత్రమే చూసేవాళ్లు అమ్మో, ఒక్క పాయింటుతో గట్టెక్కారే అనుకుంటారు. నిజానికి అసలు పోరు ముగిసేనాటికి తేడా నాలుగు.

ఇంకో లెక్క ఇంతకంటే రుచిగా ఉంటుంది. ఆ సీజన్లో లీగ్ మొత్తంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాడు పోర్టో స్ట్రైకర్ పెనా, 22. చాంపియన్ జట్టులో అందరికంటే ఎక్కువ కొట్టిన బ్రెజిలియన్ సిల్వా గోల్స్ 11. సరిగ్గా సగం. అటు చూస్తే 34 మ్యాచుల్లో బోవిస్టా ఇచ్చుకున్న గోల్స్ మొత్తం 22. అంటే ఒక్క పెనా కొట్టినన్ని గోల్స్‌ను, పదిహేడు జట్లూ కలిసి ఏడాదంతా తంటాలు పడితే గానీ ఈ జట్టు మీద కొట్టలేకపోయాయి.

వాళ్ల ఆట అందరికీ నచ్చలేదు. మోటుగా ఆడతారు, కాళ్లు విరగ్గొడతారు అన్న పేరు ఉండేది. అందులో కొంత నిజమూ ఉంది. పెటీ టాకిల్స్ కొన్ని ఈ రోజుల్లో అయితే వీడియో రిఫరీ దగ్గర ఆగిపోయేవే. పెద్దవాళ్లకు అది మంచి ఏడాది కాదన్న మాట కూడా దాచనక్కర్లేదు. బెన్‌ఫికా మొరీన్యోను డిసెంబర్‌కే పోగొట్టుకుని ఆరో స్థానంలో ముగిసింది, అంత కిందికి ఆ క్లబ్బు ఎన్నడూ దిగలేదు. అంతకుముందు ఏడాది చాంపియన్ స్పోర్టింగ్ మూడో స్థానంతో సరిపెట్టుకుంది. తలుపు కాస్త తెరిచి ఉందనేది నిజమే. ఆ తలుపు దగ్గర మూడేళ్లుగా కాచుకు కూర్చున్నది మాత్రం బోవిస్టా ఒక్కటే.

యూరప్‌లోనూ ఆ విద్య పనిచేసింది. 2001 సెప్టెంబర్ 11న, న్యూయార్క్ వార్తలతో లోకమంతా నిలువునా వణికిపోతున్న రోజునే, లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో చాంపియన్స్ లీగ్ మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. మొదట్లోనే సిల్వా గోల్ కొట్టాడు, మైకేల్ ఓవెన్ సమం చేశాడు, 1-1. ఆ గ్రూపులో డార్ట్‌మండ్‌ను దాటేసి బోవిస్టా రెండో దశకు వెళ్లింది. ఆ ఏడాదే డార్ట్‌మండ్ జర్మనీ చాంపియన్. 2003లో యూఈఎఫ్ఏ కప్ సెమీస్‌లో సెల్టిక్‌తో గ్లాస్గోలో 1-1 చేసుకుని వచ్చారు. ఇంట్లో గోల్ ఇవ్వకుండా నిలబెడితే చాలు, సెవియాలో ఫైనల్. అవతల ఎదురుచూస్తున్నది పోర్టోయే. చివరి పదీ పన్నెండు నిమిషాల్లో హెన్రిక్ లార్సన్ గోల్ పడింది. జీవితమంతా సాధన చేసిన పని కాస్తా అవసరమైన రాత్రి చెయ్యిచ్చింది.

చిన్న క్లబ్బు టైటిల్ గెలిస్తే ఏమవుతుంది? సామాన్లు సర్దే పని మొదలవుతుంది. బెంటో 2001లోనే స్పోర్టింగ్‌కు వెళ్లిపోయి మరుసటి ఏడాది అక్కడా చాంపియన్ అయ్యాడు. 2002లో పెటీ బెన్‌ఫికాకు, పెడ్రో ఎమాన్యుయెల్ పోర్టోకు. 2003లో రికార్డో, సిల్వా స్పోర్టింగ్‌కు, ఆ తరంలో చేతికందొచ్చిన కుర్రాడు బోసింగ్వా పోర్టోకు. పషేకో కూడా స్పెయిన్‌కు వెళ్లాడు. నాలుగో ఇంటి కష్టమంతా మూడు పెద్ద ఇళ్లు పంచుకున్నాయి. దొంగతనం అనడానికి లేదు, డబ్బిచ్చే కొన్నారు. అంత డబ్బు వాళ్ల దగ్గరే ఎందుకుంటుందన్నది అసలు ప్రశ్న. పోర్చుగల్‌లో టీవీ హక్కులను ఏ క్లబ్బుకు ఆ క్లబ్బే అమ్ముకుంటుంది. దేశంలో జనం ఎక్కువమంది ఆ మూడింటి అభిమానులే కాబట్టి టీవీ సొమ్మూ అటే పోతుంది. సొమ్ము ఉన్నచోటికి ఆటగాళ్లు, ఆటగాళ్లు ఉన్నచోటికి టైటిళ్లు, టైటిళ్లు ఉన్నచోటికి మళ్లీ జనం.

తప్పంతా పెద్దవాళ్ల మీదికి నెట్టేయడమూ న్యాయం కాదు. 2004 యూరో కోసం బెస్సాను దాదాపు మొత్తంగా కొత్తగా కట్టుకున్నారు. దాదాపు ముప్పై వేల మంది పట్టే స్టేడియం. ఆ టోర్నీలో జరిగింది మూడు మ్యాచులు. అప్పు మాత్రం తలకు మించిన భారమై మిగిలింది. క్లబ్బును తండ్రి వాలెంటిం తర్వాత కొడుకు జువావ్ నడిపిన లోరేరో కుటుంబ పాలన మీద విమర్శలు వచ్చాయి. 2003-04లో రిఫరీల మీద ఒత్తిడి తెచ్చారన్న కేసులో 2008లో బోవిస్టాను రెండో డివిజన్‌కు దింపేశారు, అక్కణ్నుంచి ఏడాదిలోనే మూడో డివిజన్‌కు జారింది. తర్వాత ఆ శిక్ష చెల్లదని తేలి 2014లో మళ్లీ పై లీగ్‌లోకి వచ్చింది. అప్పుడు కోచ్ ఎవరనుకున్నారు? పెటీ. ఆటగాళ్లు లేరు, డబ్బు లేదు, అందరూ దిగిపోతారనే అనుకున్నారు. దిగిపోకుండా నిలబెట్టాడు. పని మర్చిపోలేదు.

అయినా ఎన్నాళ్లు లాగుతారు? 2025 మేలో అట్టడుగు స్థానంతో బోవిస్టా మళ్లీ కిందికి పడింది. ఈసారి ఆర్థిక లైసెన్సు కూడా దక్కక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కే దూరమై, పోర్టో జిల్లా పోటీల్లో ఆడాల్సిన స్థితికి చేరింది. మాజీ చాంపియన్‌కు పోర్చుగల్‌లో ఇంతటి పతనం మామూలు విషయం కాదు.

టీవీ హక్కులన్నీ కలిపి ఒకేచోట అమ్మాలని 2021లో పోర్చుగల్ ప్రభుత్వం చట్టం చేసింది, 2028-29 సీజన్ నాటికి అమల్లోకి రావాలి. వస్తే బ్రాగాకో గిమరాయిష్‌కో పట్టీలో మరో పేరు చేర్చే వీలు కలగొచ్చు. బోవిస్టాకు మాత్రం ఆ చట్టం పాతికేళ్లు ఆలస్యంగా వచ్చింది.