దాత గడి నిండింది, చేసినవాడి గడి ఏదీ?

మ్యూజియంల మీద మనవాళ్లు చేసిన విమర్శ, మాకు కనబడినంతలో, అద్దాల పెట్టెల దగ్గరే ఆగిపోయింది. రాజుల కత్తులున్నాయి, మన కొడవళ్లు లేవు, దేవుళ్ల విగ్రహాలున్నాయి, మన ఎల్లమ్మ లేదు అని రాశాం. అది తప్పని కాదు. కానీ ఒక వస్తువు ఆ పెట్టెలోకి రావాలంటే ముందు ఒక రిజిస్టరులోకి ఎక్కాలి. ఆ రిజిస్టరులో ఏ గడులుండాలి, లేబుల్ మీద ఏం రాయాలి, ఎవరిని క్యూరేటర్ అనాలి, ఎవరిని నౌకరు అనాలి అని మాట్లాడుకున్న చోటు వేరే ఉంది. అది మ్యూజియం అధికారుల సంఘం. ఆ సంఘాల దస్త్రాల జోలికి మనం పోలేదు. చదివితే నిద్రొస్తుంది గనక పోలేదు. మాకూ మొదట్లో నిద్రే వచ్చింది.

ఏముంటాయి వాటిల్లో? సభ్యుల జాబితా, చందాల లెక్క, తీర్మానాలు, ఆహ్వాన సంఘానికి ధన్యవాదాలు, చివర్లో ఒక గ్రూప్ ఫోటో. ఫోటోలో కుర్చీల్లో కూచున్నవాళ్లకు పేర్లుంటాయి. కుర్చీలు మోసుకొచ్చి వేసినవాళ్లు ఫోటోలోనే ఉండరు. ఇంగ్లండులో ఇటువంటి సంఘం 1889లో యార్క్ పట్టణంలో పుట్టింది. మన దగ్గర మ్యూజియం అధికారులు 1911లో సిమ్లాలో, 1912లో మద్రాసులో కూచుని మాట్లాడుకున్నారు. 1936లో ఆ ఇంగ్లండు సంఘమే, అమెరికాలోని కార్నెగీ కార్పొరేషన్ డబ్బుతో, మార్‌ఖం, హార్‌గ్రీవ్స్ అనే ఇద్దరు రాసిన సర్వేని అచ్చేసింది. హార్‌గ్రీవ్స్ అంతకుముందు ఇక్కడి పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా చేసినాయన. దేశంలో 105 మ్యూజియంలున్నాయని లెక్క తేల్చారు. భవనాలు, నిధులు, క్యూరేటర్ల జీతాలు, లేబుళ్లు అన్నీ పరిశీలించి, పరిస్థితి బాగాలేదని తేల్చారు. 1944లో ఇక్కడివాళ్లే మ్యూజియమ్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పెట్టుకున్నారు. దొర పోయి మనవాడొచ్చాడు గానీ రిజిస్టరు గడులు మారలేదు. ఈ వ్యాసంలో మేం మద్రాసు ప్రాంతం వరకే చూస్తున్నాం. తెలుగు జిల్లాల నుంచి తవ్వి తీసినవి, కొన్నవి, అడిగి తెచ్చినవి చాలావరకు అప్పట్లో ఆ దారినే పోయాయి.

మద్రాసు మ్యూజియం 1851లో మొదలైంది. మొదటి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్. 1855లో ఆయనే అదే ఆవరణలో జంతుశాల కూడా పెట్టించాడు. జనం ఈ రెంటికీ పేర్లు పెట్టారు. జంతువులున్నది 'బతికిన కాలేజీ', మ్యూజియం 'సచ్చిన కాలేజీ'. తమిళంలో ఈ మాటలు ఇప్పటికీ వినబడతాయి. మ్యూజియాన్ని మొదట్లో కాలేజీ భవనంలో పెట్టారు కాబట్టి ఆ పేరొచ్చిందని చెప్పేవాళ్లున్నారు. కావచ్చు. కానీ భవనం మారింది, పేరు మారలేదు. పొంగల్ పండగ మూడో రోజు పల్లెల నుంచి వేలకు వేల జనం వచ్చేవాళ్లు. అసలు కాలేజీ గడప తొక్కనివ్వని జనం, టిక్కెట్టు లేకుండా లోపలికి రానిచ్చిన ఒకే ఒక్క పెద్ద భవనాన్ని కాలేజీ అని పిలుచుకున్నారు. సంఘాల కాగితాల్లో ఈ జనం ఒక సమస్యగా కనబడతారు. చదువు రాదు, లేబుళ్లు అర్థంకావు, వింతలు చూడ్డానికొస్తారు అని. సంఖ్య మాత్రం గొప్పగా వేసుకున్నారు. గ్రాంటు అడగాలంటే ఆ సంఖ్యే కావాలి మరి.

ఆ వచ్చినవాళ్లే ఒక్కోసారి వస్తువులయ్యారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1885 నుంచి 1908 దాకా ఆ మ్యూజియంకి సూపరింటెండెంటు. ముక్కు ఎంత వెడల్పు, తల ఎంత పొడుగు అని కొలిచే పనిముట్లు పట్టుకుని మనుషుల మధ్య తిరిగాడు. పోలీసు అధికారులకు కూడా ఈ కొలతల విద్య మీద పాఠాలు చెప్పాడు. మ్యూజియంకీ పోలీసు స్టేషన్‌కీ ఏం సంబంధమని అడగకండి, రెండిటి రిజిస్టర్లూ చూస్తే తెలుస్తుంది. 1901లో ఎథ్నోగ్రాఫిక్ సర్వే మొదలైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ బాధ్యత ఆయనకే ఇచ్చారు. 1909లో కె. రంగాచారి సాయంతో ఏడు సంపుటాలు వచ్చాయి. ఈరోజుకీ యూనివర్సిటీలో మన కులం మీద పరిశోధన అంటే గైడు ముందు చూపించేది ఆ సంపుటాలే.

థర్‌స్టన్ తన ముందుమాటలో ఒక సంగతి రాశాడు. వయనాడులో పణియ స్త్రీలు ఆయన్ని చూసి పారిపోయారట. తమలో బాగున్నవాళ్లను పట్టుకుపోయి, చంపిన జంతువుల్లాగా గడ్డి కుక్కి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని భయపడ్డారట. ఆయన దీన్ని నవ్వులాటగా రాశాడు. చదివినవాళ్లూ నవ్వుకునే ఉంటారు. మాకు నవ్వు రాలేదు. పణియలు తరతరాలుగా భూమితో పాటు చేతులు మారిన కూలీలు. తమను ఎవరు ఎందుకు పట్టుకుపోతారో వాళ్లకు బాగా తెలుసు. మ్యూజియం అంటే ఏమిటో ఆ స్త్రీలు అర్థం చేసుకున్నంత సూటిగా అర్థం చేసుకున్న పేజీ సంఘాల కాగితాల్లో మాకింకా దొరకలేదు. ఈ దేశంలో మ్యూజియం మీద మొదటి విమర్శకుల జాబితా ఎవరన్నా వేస్తే, ఆ పారిపోయిన ఆడవాళ్లతో మొదలుపెట్టాలని మా అభిప్రాయం.

అయితే ఆ కొలతలు మొత్తం తగలబెట్టాల్సినవేనా? ఇక్కడ మా మిత్రులతో మాకు పేచీ ఉంది. 1948లో అంటరానివాళ్ల పుట్టుక గురించి రాసిన పుస్తకంలో డాక్టర్ అంబేద్కర్ ఏం చేశారో చూడండి. ముక్కుల కొలతల పట్టికల్ని చేతిలోకి తీసుకున్నారు. మీ లెక్క ప్రకారమే చూద్దాం పట్టండి అన్నట్టు, బ్రాహ్మడి ముక్కుకీ అంటరానివాడి ముక్కుకీ మీరు చెప్పే జాతి తేడా ఏదీ అని అడిగారు. అంటరానితనం జాతి భేదం నుంచి పుట్టిందన్న సిద్ధాంతాన్ని, ఆ సిద్ధాంతం కోసం పోగేసిన అంకెలతోనే కొట్టిపారేశారు. దస్త్రం శత్రువు రాసిందే కావచ్చు, కానీ అందులో వాడికి తెలియకుండా రాసింది కూడా ఉంటుంది. 'మన చరిత్ర ఆర్కైవులో లేదు' అని ఒక వాక్యం రాసేసి లేచి వచ్చేయడం మన సిద్ధాంత గ్రంథాల్లో అలవాటైపోయింది. మా ఎం.ఫిల్. లోనూ ఆ వాక్యం ఉంది. ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. లేదు అనేముందు వెతకాలి గదా.

వెతికితే ఏం దొరుకుతుందో అమరావతి చెబుతుంది. అప్పటి గుంటూరు జిల్లాలో దీపాలదిన్నె అని జనం పిలుచుకునే దిబ్బ. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టుకునేటప్పుడు ఇటుకల కోసం, రాళ్ల కోసం దాన్ని తవ్వించాడు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపాడు. వాటిల్లో చాలా వాటిని 1859లో లండన్‌కు తరలించారు. వాటికి ఇలియట్ మార్బుల్స్ అనే పేరు స్థిరపడింది. పలకలు చెక్కినవాడి పేరు కాదు, చెక్కించినవాడి పేరూ కాదు, తవ్వించినవాడి పేరు. ఎండలో పలుగు పట్టి తవ్వినవాళ్లు, బండ్ల మీద ఎత్తినవాళ్లు 'కూలీలు' అనే ఒక్క మాటలో సర్దుకున్నారు.

కానీ ఆ పలకల మీద పేర్లున్నాయి. సాతవాహనుల కాలపు రాత, ప్రాకృతం. పూర్ణఘటం చెక్కిన ఒక పలక మీద ఉన్న మాటల సారం ఇది: చర్మకారుడు విధికుడు, ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఇచ్చిన దానం. మా ఇంట్లో చదువుకున్న మొదటి తరం మేము. తోలుపని చేసేవాడి తండ్రి ఉపాధ్యాయుడు అన్న ముక్క దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం.

ఇక్కడ తొందరపడి ఒక మాట అనకూడదు. ఆ విధికుడు ఇప్పటి మాదిగలకు ముత్తాత అని మేం చెప్పడం లేదు. అన్ని వందల ఏళ్ల కింద వృత్తి పేరు, ఇప్పటి కులం పేరు ఒకటేనని రుజువు లేదు. అంతమాత్రం చాలు అనుకునేవాళ్లు పురాణాలు రాసుకోవచ్చు. మాకు కావలసింది వేరే. ఆ కాలంలో ఒక స్తూపానికి రాయిచ్చిన తోలుపనివాడు తన పేరు, వృత్తి, తండ్రి పేరు, ఇంటిల్లిపాది సంగతీ రాయించుకోగలిగాడు. పద్దెనిమిది వందల ఏళ్లు అటూ ఇటూ దాటాక, అదే రాయి ఎక్కిన కొత్త లెక్కల్లో దాత గడి, సేకర్త గడి ఉన్నాయి. వాటిల్లో కలెక్టరుంటాడు, జమీందారుంటాడు, మిషనరీ ఉంటాడు. విధికుడు అప్పటికే దాత. ఆయన్ని దాతగా కాకుండా 'శాసన పాఠం'గా ఎక్కించారు.

ఇక మేం కళ్లారా చూసినది. ఊరూ పేరూ అక్కర్లేదు, ఒక చిన్న మ్యూజియం అనుకోండి. అక్కడ ఒక డప్పు ఉంది. లేబుల్ మీద 'జానపద వాద్యం' అని ఉంది. బతిమాలితే రిజిస్టరు చూపించారు. కర్ర, తోలు. కొన్నది. ధర ఉంది, తేదీ ఉంది. 'కండిషన్' అన్న గడిలో 'గుడ్' అని రాశారు. చేసినవాడి పేరు దగ్గర గీత గీశారు. మా నాయన డప్పు కొట్టినవాడు, అవసరమైతే చేసుకున్నవాడు. వేపకర్ర చట్రం వంచడం, చింతగింజల గంజితో తోలు అతికించడం, ఆరబెట్టడం మేం చూస్తూ పెరిగాం. కొట్టేముందు మంట దగ్గర కాచకపోతే అది పలకదు. ఆ పెట్టెలో ఉన్న డప్పు తోలు వదులై పొట్టలా కిందికి దిగింది. పక్కన చిర్ర ఒక్కటే పెట్టారు. ఎడమ చేతి సిటికెన పుల్ల లేదు. అంటే సగం వాద్యం లేదు. అయినా 'గుడ్'. ఎవరు చెప్పారు గుడ్ అని? ఎప్పుడూ కొట్టనివాడు, ముట్టుకుంటే చెయ్యి కడుక్కునే ఇంటి నుంచి వచ్చినవాడు. ఆ ఉద్యోగి మాతో మర్యాదగానే మాట్లాడాడు, అది చెప్పాలి. టీ కూడా ఇప్పించాడు. తప్పు ఆయనదా అంటే, ఆయనకు శిక్షణలో నేర్పిన గడులు అవే. ఒక వాద్యం బాగుందో లేదో వాయించేవాడిని అడగాలన్న నియమాన్ని సంఘాల తీర్మానాల్లో మేం చదివినంతలో ఎవరూ పెట్టలేదు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో మ్యూజియంల జాతీయ సంఘం 1906లో పుట్టింది. దాని కింద ప్రాంతాల వారీగా సంఘాలు లేచాయి. వాటిల్లో కొన్నింటి దస్త్రాలు స్మిత్‌సోనియన్ ఆర్కైవుల్లో భద్రంగా ఉన్నాయి. నల్లవాళ్లు మాత్రం 1978లో తమ మ్యూజియంలకు వేరే సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. ఫ్రెడ్ విల్సన్ అనే నల్లజాతి కళాకారుడు 1992లో బాల్టిమోర్‌లోని మేరీల్యాండ్ చారిత్రక సంఘం గోదాములు వెతికి ఒక ప్రదర్శన పెట్టాడు. వెండి కూజాలున్న పెట్టెలోనే బానిసలకు వేసిన ఇనుప సంకెళ్లు పెట్టి, పైన 'లోహపు పని' అని లేబుల్ వేశాడు. గమనించాల్సింది ఏంటంటే, ఆ సంకెళ్లు ఆయన బయటినుంచి తేలేదు. ఆ సంస్థవే, లోపలే ఉన్నాయి.

అందుకని మ్యూజియం సంఘాల కాగితాల్లో అధ్యక్షోపన్యాసాలు వదిలేసి చిల్లర ఖర్చుల వైపు చూడమని విద్యార్థులకు మా సలహా. నౌకర్ల జీతాల పట్టీ, తవ్వకం కూలీల లెక్క, జంతువుల తోళ్లు ఒలిచి ఆరబెట్టినందుకు ఇచ్చిన డబ్బు, అద్దం పగిలితే ఎవరి జీతంలో కోశారన్న కాగితం. కులం పేరు అక్కడ రాయకపోయినా పని పేరు రాస్తారు. తోలు ఒలిచిన పని ఎవరిదో మనకు వేరే చెప్పాలా అనుకోకండి. చెప్పాలి. చూసి, రాసి, చెప్పాలి.

ఇప్పుడు మన పేరు మీదే మ్యూజియంలు లేస్తున్నాయి. నాగపూర్ దగ్గర చిచోళి శాంతివనంలో అంబేద్కర్ బట్టలు, టైప్‌రైటర్ అభిమానులే పోగేసి దాచారు. హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న 125 అడుగుల విగ్రహాలు నిలబెట్టారు. విజయవాడ విగ్రహం పీఠంలో మ్యూజియం కూడా ఉంది. ఎత్తు ఎంతో అందరికీ తెలుసు. లోపలి వస్తువుల రిజిస్టరులో ఏ గడులున్నాయో ఎవరూ అడగలేదు. మన కమిటీల్లో ఉన్న పెద్దలు ఆ పాత నమూనానే తెచ్చి నింపితే, రేపు అక్కడ కూడా దాత గడిలో మంత్రిగారుంటారు, చేసినవాడి దగ్గర గీత ఉంటుంది.

ఆ చిన్న మ్యూజియంకి మేం ఒక ఉత్తరం రాశాం. డప్పుకు సిటికెన పుల్ల పెట్టమని, తోలు మార్పించమని, మార్చగలిగినవాళ్లు ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లలో ఉన్నారో వివరం ఇస్తామని, రిజిస్టరులో చేసినవాడి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అనే మూడు గడులు కలపమని. అమ్మినవాడిని పట్టుకుంటే ఆ డప్పు చేసినవాడి పేరు ఇప్పటికీ తెలుస్తుందని కూడా రాశాం. నాలుగు నెలలైంది, జవాబు రాలేదు. ఈలోగా ఆ అమ్మినాయన ఊరు వెతుక్కుంటూ పోయాం. ఆయన పోయారు. కొడుకు ఉన్నాడు, ఆటో నడుపుతున్నాడు. డప్పు ఎవరు చేశారో అతనికి గుర్తుంది, వాళ్ల మేనమామ. పేరు, ఊరు రాసుకుని రెండో ఉత్తరం వేశాం.