నీళ్ల వెంట నడిస్తే చంద్రగిరి

తిరుమలలో స్వామికి నైవేద్యం పెట్టి గంట కొట్టేవారట. ఆ చప్పుడు విని దారిలోని మండపంలో మరో గంట, అది విని ఇంకో మండపంలో ఇంకో గంట. అలా కొండ దిగి వచ్చిన గంట చప్పుడు చంద్రగిరి కోటకు చేరాకే రాయలవారు విస్తరి ముందు కూర్చునేవారని ఈ చుట్టుపక్కల పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కథలో నిజమెంతో ఎవరు తేల్చగలరు? కోటకూ కొండకూ నడుమ ఎప్పుడూ మనుషులు తిరుగుతూనే ఉన్నారన్నది మాత్రం ఈ లోయలో నాలుగడుగులు వేస్తే తెలిసిపోతుంది.

తిరుపతికి పదీ పన్నెండు కిలోమీటర్లే కాబట్టి చాలామంది దర్శనం అయ్యాక మిగిలిన పూట చంద్రగిరికి ఇస్తారు. రాజమహల్ ముందు ఫొటో, లోపల పురావస్తు శాఖ మ్యూజియం, చీకటి పడితే సౌండ్ అండ్ లైట్ షో. ఆ పూట వృథా ఏమీ కాదు. కాకపోతే రాజమహల్‌లో ఒకచోట నిలబడి తల పైకెత్తాలి. మూడంతస్తుల మేడ, రాయీ ఇటుకా సున్నమూ తప్ప పైకప్పు మోయడానికి కర్ర వాడలేదు. దూలం కోసం వెతికిన కళ్లకు కమాను కనిపిస్తుంది, దాని పక్కన ఇంకో కమాను. బరువంతా వంపుల మీదుగా జారి స్తంభాల్లోకి దిగిపోతుంది. ఎంత ఎండాకాలమైనా ఆ గోడల మధ్య కాసేపు కూర్చుంటే ఒళ్లు చల్లబడుతుంది.

ఇక్కడి నుంచి ఎదిగిన సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. తళ్లికోట యుద్ధం తర్వాత పెనుకొండకు చేరిన రాజధాని 1592 ప్రాంతంలో వెంకటపతి రాయలతో చంద్రగిరికి వచ్చింది. 1639లో ఇంగ్లీషు వర్తకుడు ఫ్రాన్సిస్ డేకు మద్రాసు తీరంలో నేల ఇచ్చిన దామర్ల నాయకులు కూడా ఈ రాయల సామంతులే. ఆ ఒప్పందం రాజమహల్‌లోనే కుదిరిందని ఊళ్లోవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

మరి రాయలు ఇక్కడికే ఎందుకొచ్చారు? వెనకాల నిటారుగా లేచిన పెద్ద గుండు చూపించి, శత్రువుకు అందని చోటు కాబట్టి అంటారు. అది సగం జవాబే. సైన్యానికీ గుర్రాలకూ గుండు దాహం తీర్చదు. మిగతా సగం రాణీమహల్ వెనక బావి దగ్గర మొదలవుతుంది, కోట చుట్టూ తవ్విన కందకంలో సాగుతుంది, ఊరు దాటి స్వర్ణముఖి ఏట్లో కలుస్తుంది.

ఈ శీర్షిక రాసే మనిషికి ఆదివారం పొద్దున్నే ఆ మిగతా సగాన్ని నడిచి చూడడం ఏళ్లుగా అలవాటు. తెల్లవారకముందే బయల్దేరాలి. సీసాలో నీళ్లు, సంచిలో బొరుగులూ చెనిక్కాయలూ చాలు. పైకోటకు వెళ్లాలనుకుంటే ముందు కింద సిబ్బందిని అడగాలి, అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి ఉండాలి. ఏటి దారికి ఆ ఇబ్బంది లేదు.

స్వర్ణముఖి ఈ కొండల్లోనే పుట్టి, తిరుచానూరు, శ్రీకాళహస్తి మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. తొండవాడ దగ్గర అగస్త్యేశ్వరుడి గుడి పక్కన భీమా, కల్యాణీ వచ్చి ఇందులో కలుస్తాయి. ఎండిన ఏరు చూసి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. వంగి, ఇసుక మిగిలిన చోట రెండు చేతులతో చెలమ తోడితే అడుగు ముందు తడిగా నల్లబడుతుంది, కాసేపటికి నీరు ఊరుతుంది. మొదట బురదగా, తేరుకున్నాక అడుగున రేణువులు లెక్కపెట్టేంత తేటగా. మ్యూజియంలోని ఏ బొమ్మా ఈ లోయ గురించి ఇంత సూటిగా చెప్పదు. ఆ పక్కనే చెత్త కుప్పలు కనిపిస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

కల్యాణి మీద రంగంపేట దగ్గర 1977లో డ్యామ్ కట్టారు. తిరుపతి, తిరుమల తాగే నీళ్లలో దీనికీ వాటా ఉంది. సంక్రాంతి పండగప్పుడు అదే రంగంపేట వీధుల్లో కొమ్ములకు పలకలు కట్టిన పశువులను వదులుతారు, వాటిని అందుకోవడానికి కుర్రాళ్లు ఎగబడతారు. ఆ సంబరం చూడ్డానికి మిద్దెలన్నీ నిండిపోతాయి.

2021 నవంబరు వాన ఎవరూ మరిచిపోలేదు. కల్యాణి గేట్లెత్తారు, స్వర్ణముఖి ఒడ్డు దాటింది, తిరుచానూరు దగ్గర ఒక ఇల్లు ఏట్లోకి ఒరిగిపోయింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఇసుక మూటలేసి కట్టను నిలబెట్టారు. కృష్ణదేవరాయల కాలపు చెరువని దానికి పేరు. అంత నీటిని మట్టికట్టతో ఆపాలని తలపెట్టినవాళ్లకు ఈ వాన సంగతి బాగా తెలిసే ఉంటుంది. కోట చూడడానికి వచ్చినవాళ్లు ఆ కట్ట మీద కూడా ఒక సాయంత్రం నడవాలి.

ఆ వానకే తిరుమల కొండెక్కే శ్రీవారి మెట్టు దారీ దెబ్బతింది. బాగుచేసి 2022 మేలో మళ్లీ తెరిచారు. పెళ్లయ్యాక శ్రీనివాసుడూ పద్మావతీ అగస్త్యుడి ఆశ్రమంలో ఆర్నెల్లు ఉండి, శ్రీనివాసమంగాపురం మీదుగా ఈ దారినే కొండెక్కారని నమ్మకం. చంద్రగిరి రాజులు ఎక్కిందీ ఇదేనంటారు. 2,388 మెట్లు. అలిపిరి దారితో పోలిస్తే చిన్నదే, నిటారుదనం మాత్రం ఎక్కువ. ట్రెక్కింగ్ అన్న మాట ఇటు రాకముందే ఇక్కడివాళ్లకు కొండెక్కడం తెలుసు. బూట్లు లేకుండా, గడియారం చూసుకోకుండా.

మొన్నొక ఆదివారం ఆ మెట్ల మీద ఒక అవ్వ కనిపించింది. ఎడమ చేతిలో పసుపు గిన్నె. కుడి చేత్తో మెట్టు అంచును తడిమి, మూడు వేళ్లతో అడ్డంగా పసుపు పూసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టి, మోకాలి మీద చెయ్యానించి పైకి లేచేది. మళ్లీ వంగేది. రాతి గరుకుకు వేళ్ల కొసలు ఎర్రబడ్డాయి. పక్కగా యువకులు చెమటలు కక్కుతూ రెండేసి మెట్లు దాటుకుంటూ పోతున్నారు. మనవడేమో ముప్పై మెట్లు పైన కూర్చుని, "అవ్వా, ఇంకెంతసేపే?" అని అరిచాడు.

"వస్తా ఉండా, పో నాయనా" అంటూ ఆమె తర్వాతి మెట్టుకు వంగింది.