మంచు కురవని మైదానంలో మంచు కథలు: శీతకాల యానిమేషన్ చిత్రాల పునఃపరిశీలన

తెలుగు శాఖల్లో సినిమా మీద జరిగిన పరిశోధన ప్రధానంగా పాటల సాహిత్యం, పౌరాణిక చిత్రాల సంభాషణలు, నవలాధారిత చిత్రాల చుట్టూ తిరిగింది. పిల్లలు చూసే యానిమేషన్ చిత్రాలు ఆ దారిలో ఎదురుపడవు. అందులోనూ క్రిస్మస్ చిత్రాలంటే పరాయి దేశపు పండుగ సరుకుగా భావించి పక్కన పెట్టడం సులభం. కాని గుంటూరు, ప్రకాశం మైదానాల్లో క్రిస్మస్ పరాయి పండుగ కాదు. లూథరన్ మిషనరీ జె.సి.ఎఫ్. హేయర్ 1842లో గుంటూరు చేరాడు. జాన్ క్లౌ నడిపిన ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో 1878 జులైలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ చరిత్ర వెనుక ఉన్న కులబాధ, కరవు ఈ వ్యాస పరిధిలోనివి కావు. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే: ఈ నేల మీద ఈ పండుగకు తరాల వయసుంది. దానికి పాటలున్నాయి, నాటకాలున్నాయి, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన జాషువ ‘క్రీస్తు చరిత్ర’ ఉంది. లేనిదల్లా మంచు.

పాశ్చాత్య క్రిస్మస్ చిత్రాలను మంచు లేని ఊరి నుంచి చూస్తే ఏవి నిలుస్తాయి, ఏవి కరిగిపోతాయి అన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. ఎంచుకున్నవి చిన్న నిడివి చిత్రాలు కొన్ని, పూర్తి నిడివి చిత్రాలు కొన్ని. అన్నింటికీ సమానమైన చోటు ఇవ్వలేదు, ఇవ్వనవసరం లేదు కూడా.

మంచు అనే మాట

తెలుగులో మంచు ఒక పదార్థం పేరు కాదు, ఒక కుటుంబం పేరు. గడ్డి కొనమీది చుక్క మంచుబిందువు, తెల్లవారి దారి కనపడనీయనిది పొగమంచు, శీతల పానీయాల దుకాణంలో దొరికేది మంచుగడ్డ, హిమాలయం మంచుకొండ. ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలే దానికి కూడా మంచు అనే అంటాం. ఇది తెలుగు పేదరికమని కొందరు అనువాదకుల ఫిర్యాదు. సంస్కృతంలోనూ పరిస్థితి ఇంతకంటే విడివిడిగా లేదు. అమరకోశం నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం అన్నింటినీ ఒకే వరుసలో పర్యాయపదాలుగా చేర్చింది. మంచు కురిసే దేశాల కథలు మన పిల్లల చేతికి విరివిగా వచ్చింది మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాల ద్వారా. విశాలాంధ్ర పుస్తకాలయాల్లో అవి కొని చదివిన తరం, కంటితో చూడని మంచును బొమ్మల్లో చూసి ఊహించుకుంది.

ఊహకు ఆధారం మాత్రం ఇక్కడే ఉంది. క్రిస్మస్ నాటికి ఈ మైదానంలో పత్తి చేలు తెల్లగా ఉంటాయి. చర్చిలో నిలబెట్టే క్రిస్మస్ చెట్టు కొమ్మల మీదా, పశువుల పాక బొమ్మ కప్పు మీదా మంచుకు బదులుగా పరిచేది దూదినే. పత్తి పండించే ఊళ్లలో మంచు అంటే దూది కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని మంచును అలంకారంగా వాడే చిత్రానికీ, మంచును కాలంగా వాడే చిత్రానికీ తేడా పట్టుకోవడానికి ఈ దూది పనికివస్తుంది. దూది కరగదు. కరగని మంచు అలంకారమే.

అంగడి నుంచి వచ్చిన దుప్పి

‘రుడాల్ఫ్ ద రెడ్ నోస్డ్ రెయిన్‌డీర్’ 1964 డిసెంబరు 6న అమెరికాలోని ఎన్‌బీసీలో ప్రసారమైంది. నిర్మాతలు రాంకిన్, బాస్. బొమ్మలను కదిలించే పని జపాన్‌లో తదహితో మోచినాగ స్టూడియోలో జరిగింది. రుడాల్ఫ్ అనే పాత్ర పుట్టింది 1939లో, మాంట్‌గొమెరీ వార్డ్ అనే వ్యాపార సంస్థ కొనుగోలుదారులకు పంచిపెట్టిన చిన్న పుస్తకంలో. రచయిత రాబర్ట్ ఎల్. మే.

ఎర్రముక్కు ఉన్నందుకు తోటి దుప్పులు రుడాల్ఫ్‌ను ఆటల్లోకి రానీయవు. వాతావరణం కమ్ముకున్న రాత్రి ఆ ముక్కు వెలుగు శాంటా బండికి దారి చూపుతుంది, అప్పుడు అందరూ అతన్ని మెచ్చుకుంటారు. పిల్లలకు ఇది వెలివేత మీద గెలుపు కథగా చెబుతారు. ఈ మైదానపు చరిత్ర తెలిసిన పాఠకుడు అంత తేలికగా సంతోషించలేడు. రుడాల్ఫ్‌ను చేర్చుకున్నది అతను తమవాడని తెలిసి కాదు, అవసరం పడి. ముక్కు వెలగని రుడాల్ఫ్ సంగతేమిటని చిత్రం అడగదు. చెడిపోయిన బొమ్మలు నివసించే ద్వీపాన్ని మాత్రం చూపిస్తుంది. తొలి ప్రసారంలో ఆ బొమ్మలను రక్షించే దృశ్యం లేదు. ప్రేక్షకులు అభ్యంతరం చెప్పాక, మరుసటి ఏడాది ఆ దృశ్యాన్ని చేర్చారు. చిత్రంలో ఆలోచించదగ్గ భాగం ఇదే అని నా అభిప్రాయం. చూసేవాళ్ల న్యాయబుద్ధి నిర్మాతల న్యాయబుద్ధి కంటే ఒక అడుగు ముందున్నది. మే రాసిన మూలకథలో దారి మూసింది పొగమంచు. చిత్రంలో అది మంచు తుఫాను అయింది. పొగమంచుగానే ఉంచి ఉంటే గుంటూరు పిల్లవాడికి కథ మరింత దగ్గరయ్యేది.

చక్ జోన్స్ దర్శకత్వంలో 1966 డిసెంబరు 18న సీబీఎస్‌లో వచ్చిన ‘హౌ ద గ్రించ్ స్టోల్ క్రిస్మస్’ దీనికంటే గట్టి చిత్రం. డాక్టర్ స్యూస్ 1957లో రాసిన పుస్తకం దీనికి ఆధారం. బోరిస్ కార్లాఫ్ కంఠం కథ చెబుతుంది. కొండమీద ఒంటరిగా బతికే గ్రించ్ ఊరివాళ్ల కానుకలు, విందు సామగ్రి, చెట్లు అన్నీ రాత్రికి రాత్రే ఎత్తుకుపోతాడు. తెల్లవారాక ఏడుపు వినపడుతుందనుకున్నవాడికి పాట వినపడుతుంది. చిత్రమంతా ఈ ఒక్క ఆశ్చర్యం మీద నిలబడి ఉంది.

ఆ ఆశ్చర్యం ఇక్కడ పనిచేయదు. మిరప సాగులో డిసెంబరు ఖర్చుల నెల. నాట్లు, ఎరువులు, పురుగుమందులు అన్నింటి ఖాతా దుకాణంలో పెరిగి ఉంటుంది. కాయ ఇంకా చెట్టు మీదనో, కళ్లంలోనో ఉంటుంది. గుంటూరు యార్డులో బస్తాలు పోటెత్తేది సంక్రాంతి దాటాక. పత్తి తీతకు వెళ్లే కూలీల ఇంట్లో కొత్తబట్టలు వస్తే ఆ వారం కూలి డబ్బుతోనో, అప్పుతోనో వస్తాయి. సరుకు లేకుండా పండుగ జరగడం ఇక్కడ అద్భుతం కాదు, చాలా ఇళ్లలో మామూలు విషయం. నక్షత్రం కట్టిన వెదురు గడ, రాత్రంతా ఇంటింటికీ తిరిగే క్యారల్స్ బృందం, ఇచ్చింది పుచ్చుకుని పాడి వెళ్లడం: గ్రించ్ తెల్లవారి విన్న పాట ఇంతకంటే వేరేదేమీ కాదు. అందుచేత ఇక్కడి ప్రేక్షకుడి దృష్టి ఊరి మీద కాక గ్రించ్ మీదే నిలుస్తుంది. ఇతరుల సంతోషం శబ్దంగా వినపడి భరించలేకపోయే మనిషి, అతన్ని వదలని కుక్క మాక్స్. చిత్రంలో చివరికంటా చెడనిది ఆ కుక్క ముఖంలోని దైన్యమే. ఊరిలో సరుకుకు డబ్బు ఎవరు కట్టారన్నది మాత్రం చిత్రకారులు ఆలోచించలేదు.

కరిగే మంచు, కరిగిన పసరు

‘ద స్నోమాన్’ ఈ వరుసలో అన్నింటికంటే ఉత్తమమైనది. రేమండ్ బ్రిగ్స్ 1978 నాటి బొమ్మల పుస్తకాన్ని డయాన్ జాక్సన్ దర్శకత్వంలో చిత్రంగా తీసి, 1982 డిసెంబరు 26న బ్రిటన్‌లోని చానల్ ఫోర్‌లో ప్రసారం చేశారు. నిడివి సుమారు 26 నిమిషాలు. సంభాషణలు లేవు. హోవర్డ్ బ్లేక్ సంగీతం, ఎగిరే ఘట్టంలో ఒకే ఒక పాట. రంగుపెన్సిళ్ల గీతలు కదులుతున్నట్టుండే ఆ చిత్రణలో మంచుకు అంచులు ఉండవు. బాలుడు మంచుమనిషిని చేస్తాడు. అర్ధరాత్రి అతనికి ప్రాణం వస్తుంది. ఇల్లంతా చూపించుకుని, చేయి పట్టుకుని ఇద్దరూ ఉత్తరానికి ఎగిరిపోతారు. అక్కడ క్రిస్మస్ తాత బాలుడికి ఒక మెడగుడ్డ ఇస్తాడు. క్రిస్మస్ తాత మూల పుస్తకంలో లేడు, చిత్రం కోసం చేర్చారు. తెల్లవారేసరికి మంచుమనిషి కరిగి, టోపీ, కొన్ని వస్తువులు మిగిలి ఉంటాయి. బాలుడు జేబులో నుంచి మెడగుడ్డ తీసి చూసుకుంటాడు. అంతటితో చిత్రం ఆగుతుంది.

దీన్ని చూసిన తెలుగు విద్యార్థికి ప్రవరుడు గుర్తురావాలి. మంచును కథావస్తువుగా చేసుకున్న తెలుగు కావ్యఘట్టాల్లో ‘మనుచరిత్ర’లోని హిమాలయ ఘట్టం అందరికీ పరిచితం. సిద్ధుడిచ్చిన పాదలేపంతో అరుణాస్పదం నుంచి ఒక్క పూటలో ఉత్తరానికి వెళ్లిన ప్రవరుడికి, ఎండకు కరిగిన మంచునీటిలో పసరు కడుక్కుపోయి తిరుగుదారి మూసుకుపోతుంది. పెద్దన కథలో మంచు వర్ణనకు మాత్రమే వచ్చింది కాదు. అది కరగకపోతే వరూధిని లేదు, స్వరోచి లేడు, మనువు లేడు. కావ్యమంతా ఆ కరుగుదల మీదుగా నడిచింది.

రెండు కథల్లోనూ ఇల్లు, ఉత్తరం, ఎగరడం, కరగడం ఉన్నాయి. తేడా కరిగే చోటులో ఉంది. ప్రవరుడికి వాహనం పాదలేపం, దానిని కరిగినమంచు హరించింది. బాలుడికి వాహనం మంచుమనిషే, తానే కరిగిపోయాడు. ప్రవరుడి నష్టం ఇంటికి దూరంగా జరిగింది, కనుక అది పరీక్ష అయింది. అగ్నిని ప్రార్థించి తిరిగి ఇల్లు చేరడంతో అతని వరకు కథ ముగిసింది. బాలుడు ఇల్లు చేరాకే పోగొట్టుకున్నాడు. ఇక చేరవలసిన చోటు లేదు, ప్రార్థించవలసిన దేవత లేదు. అందువల్ల అతనిది పరీక్ష కాదు, దుఃఖం. జేబులోని మెడగుడ్డ శకుంతల ఉంగరం లాంటి ఆనవాలే, కాని ఈ ఆనవాలు చూపి గుర్తు చేయవలసిన మనిషి మిగలలేదు. క్రిస్మస్ తాతను చేర్చడం వల్ల చిత్రానికి పండుగ ముద్ర పడింది. అతను లేకున్నా చిత్రం నిలిచేదని నా అభిప్రాయం.

మాటలు లేనందున దీనికి డబ్బింగ్ అక్కరలేదు. కావ్యపాఠం చెప్పే తరగతిలో మనుచరిత్ర ప్రథమాశ్వాసం పక్కన పెట్టి చూపించదగిన చిత్రం ఇది.

రాణులు, అనాథలు

హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1844 నాటి కథ ఆధారంగా లెవ్ అతమానోవ్ 1957లో సోయుజ్‌ముల్ట్‌ఫిల్మ్ స్టూడియోలో తీసిన ‘ద స్నో క్వీన్’ ఈ కాలానికి కూడా చూడదగినదే. అదే కథను దూరం నుంచి తాకి డిస్నీ 2013లో తీసిన ‘ఫ్రోజెన్’ రెండవ భాగం 2019లో తెలుగులో వచ్చింది. ఎల్సాకు నిత్యా మీనన్, చిన్ననాటి ఎల్సాకు సితార ఘట్టమనేని గొంతు ఇచ్చారు. ప్రచారమంతా గొంతుల చుట్టూ సాగింది. మంచు కుటుంబంలోని ఏ మాటను ఎక్కడ వాడారన్న చర్చ సాహిత్య విమర్శలో రావలసి ఉంది. మొదటి భాగంలోనే ఓలాఫ్ అనే మంచుమనిషి వేసవిని చూడాలని కలగంటాడు. రెంటచింతల ఎండ సంగతి అతనికెవరూ చెప్పినట్టు లేదు.

సతోషి కోన్ 2003లో తీసిన జపాన్ చిత్రం ‘టోక్యో గాడ్‌ఫాదర్స్’ పిల్లల చిత్రం కాదు. క్రైస్తవులు అతికొద్దిమందిగా ఉన్న నగరంలో క్రిస్మస్ రాత్రి ముగ్గురు ఇల్లులేనివాళ్లకు చెత్తలో ఒక పసిబిడ్డ దొరుకుతుంది. గిన్ తాగుబోతు, హనా స్త్రీగా బతకాలనుకున్న వ్యక్తి, మియుకి ఇంటి నుంచి పారిపోయి వచ్చిన అమ్మాయి. ఇందులో మంచు అందం కాదు, చలి. రాత్రికి కప్పుకోవడానికి ఏముందన్న ప్రశ్న. సత్రంలో చోటు దొరకని కథను ఇంత సూటిగా చెప్పిన క్రిస్మస్ యానిమేషన్ చిత్రం ఈ ఎంపికలో మరొకటి లేదు. వినుకొండలో పుట్టిన జాషువ ‘గబ్బిలం’లో అంటరానివాడి మొరను శివుడి దగ్గరకు మోసుకుపోయేది గుడిలోకి అడ్డులేని గబ్బిలం. ఊరు వెలివేసినవాళ్ల చేతిలోనే దైవవార్త పెట్టడమనే ఆలోచన ఈ రెండు రచనలనూ కలుపుతుంది. ప్రభావం మాట ఎత్తవలసిన పనిలేదు, పోలిక చాలు.

లైనస్ ఏ తెలుగులో చెప్పాలి?

‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ 1965 డిసెంబరు 9న సీబీఎస్‌లో ప్రసారమైంది. రచన చార్లెస్ షుల్జ్, దర్శకత్వం బిల్ మెలెండెజ్, సంగీతం విన్స్ గరాల్డి. పాత్రలకు నిజమైన పిల్లలే గొంతు ఇచ్చారు. చదవడం రాని చిన్నపిల్ల చేత ముక్కముక్కగా మాటలు పలికించి రికార్డు చేశారు. పండుగంతా వ్యాపారమైపోయిందని దిగులుపడే బాలుడు, పిల్లల నాటకం, అల్యూమినియం చెట్ల మధ్య ఎంచుకున్న ఒక బక్కచెట్టు, ఇంతే కథ. క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని అతను అరిచినప్పుడు లైనస్ వేదిక మధ్యకు నడిచి లూకా సువార్త రెండవ అధ్యాయంలోని గొర్రెల కాపరుల భాగం అప్పజెబుతాడు. ఎప్పుడూ వదలని దుప్పటిని, భయపడవద్దని దూత చెప్పే చోట చేతి నుంచి జారవిడుస్తాడు.

ఆ భాగం పదిహేడవ శతాబ్ది ఆంగ్లంలో ఉంది. ఆనాటి పిల్లల మాట కాదది. చిత్రం కాసేపు ఆగి, పాత భాషను పిల్లవాడి నోట యథాతథంగా వినిపించింది. సంగీతం లేదు, హాస్యం లేదు. మంచు కూడా లేదు, ఎందుకంటే లూకా కథనంలోనే మంచు లేదు. ఉన్నది పొలం, రాత్రి, మంద. పంట తీసిన చేలల్లో ఎరువు కోసం గొర్రెల మంద కట్టించుకునే ఈ మైదానంలో, రాత్రి పొలంలో మందను కాస్తూ పడుకునే కాపరి అలంకారం కాదు. మంచు చిత్రంలో మంచు మాయమైన ఆ నిమిషమే మనకు అన్నింటికంటే దగ్గరది.

భాష విషయంలో కూడా అంతే. సండే స్కూలు పిల్లలు ఇక్కడ కంఠస్థం చేసే పాత తెలుగు బైబిల్ వాక్యాలు ‘వచ్చెను’, ‘పలికెను’ వంటి గ్రాంథిక క్రియారూపాలతో సాగుతాయి. బడిలో పద్యం చేరకముందే ఎన్నో దళిత కుటుంబాల పిల్లలకు చెవిన పడిన తొలి శిష్టభాష అదే. తెలుగు విభాగాల్లో గ్రాంథికం ప్రస్తావన వచ్చినప్పుడు చిన్నయసూరి, వీరేశలింగం పేర్లు వినపడతాయి. క్రిస్మస్ నాటకంలో దూత వేషం వేసిన పిల్ల నోట బతికి ఉన్న గ్రాంథికం లెక్కలోకి రాదు. ఈ చిత్రాన్ని ఎప్పుడైనా తెలుగులోకి డబ్ చేస్తే, మిగిలిన పిల్లలందరికీ వాడుక తెలుగు, వీలైతే గుంటూరు యాసే పెట్టవచ్చు. లైనస్ అప్పజెప్పే భాగాన్ని మాత్రం సులభమైన ఆధునిక అనువాదంలోకి మార్చకూడదు. పల్నాటి పల్లెలోని పిల్లవాడు ఆ పాత వాక్యాలను తెరమీది బొమ్మతో పాటు, పుస్తకం చూడకుండా, తానూ చెప్పగలడు.