విస్కీ మీగడ సాసుతో స్కాటిష్ స్టేక్

గొడ్డుమాంసాన్ని కండరాల పోగులకు అడ్డంగా, మందంగా కోసి, బాగా కాలిన పెనం మీద కొద్ది నిమిషాల్లో కాల్చి తీస్తే అది స్టేక్. ముక్కను పక్కకు తీశాక అదే పెనంలో విస్కీ పోసి, అడుగున అంటుకున్న సారాన్ని కరిగించి, మీగడ కలిపి చిక్కబరిస్తే విస్కీ సాస్ తయారవుతుంది. స్కాట్లాండ్ హోటళ్లలో, పబ్బుల్లో ఈ రెండూ కలిసి ఒకే పళ్లెంలో వస్తాయి. కావలసిన సరుకులు పది దాటవు, వంట అరగంట దాటదు. కానీ ఇంత తక్కువ సరుకులతో చేసే వంటలో లోపాన్ని దాచుకోవడానికి మసాలా ఉండదు. మాంసం, విస్కీ, మీగడ మూడూ మంచివై ఉండాలి, సెగ మీద అదుపు ఉండాలి. ఈ వంటకం గొప్పతనం పశువుల దొడ్డిలో, విస్కీ బట్టీలో మొదలై పెనం దగ్గర ముగుస్తుంది.

స్కాట్లాండ్ ఈశాన్య ప్రాంతంలోని అబర్డీన్‌షైర్, యాంగస్ జిల్లాల్లో కొమ్ములు లేని నల్లని బోడి పశువులు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని మాంసపు జాతిగా తీర్చిదిద్దిన పని పందొమ్మిదో శతాబ్దంలో జరిగింది. యాంగస్‌లోని కీలర్ గ్రామ రైతు హ్యూ వాట్సన్ మంచి లక్షణాలున్న ఆవులను, ఆబోతులను ఏరి జత కట్టించాడు. ఆయన మందలోని ‘ఓల్డ్ జాక్’ అనే ఆబోతుకే వంశావళి పుస్తకంలో మొదటి సంఖ్య దక్కింది. ఆ పుస్తకం తొలి సంపుటం 1862లో అచ్చయింది. టిల్లీఫోర్ రైతు విలియం మెకాంబీ ఈ జాతిని పశుప్రదర్శనలకు నడిపించి పేరు తెచ్చాడు. 1878లో పారిస్ ప్రదర్శనలో ఆయన పశువులు అగ్రబహుమతి గెలిచాయి. మరుసటి ఏడాది, 1879లో, జాతి సంఘం ఏర్పడింది. అబర్డీన్ యాంగస్ అనే పేరు అలా ప్రపంచమంతా పాకింది.

ఈ ఖ్యాతిలో రైలుకూ వాటా ఉంది. అంతకుముందు ఎత్తుసీమల పశువులను తోలుకుంటూ కాపరులు వారాల తరబడి నడిచి ఫాల్కిర్క్ సంతకు చేరేవారు. అక్కడ అమ్ముడైనవి మళ్లీ దక్షిణాన ఇంగ్లండ్ దాకా నడిచేవి. దారిలో ఒళ్లు చిక్కిపోయేది. 1850లో అబర్డీన్‌కు రైలుమార్గం వచ్చాక, పశువును సొంత ఊరి దగ్గరే మేపి, కోసి, మాంసాన్నే లండన్‌కు పంపడం సాధ్యమైంది. నడకలో కరిగిపోయే కొవ్వు ఇక కండలోనే నిలిచింది. కండరాల పోగుల మధ్య తెల్లని సన్న చారలుగా అల్లుకునే ఆ కొవ్వే యాంగస్ మాంసానికి ప్రాణం. పెనం మీద అది కరిగి ముక్కను లోపలినుంచి తడుపుతుంది. స్కాట్లాండ్‌లో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే కోసిన పశువు మాంసానికి మాత్రమే ‘స్కాచ్ బీఫ్’ అనే పేరు చెల్లుతుంది. ఆ పేరుకు 1996లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక రక్షణ ఇచ్చింది.

ఈ నల్లని జాతి చరిత్రలో తెలుగునేల పశువు కూడా ఒకచోట కలుస్తుంది. నెల్లూరు తీరం నుంచి ఓడలెక్కిన ఒంగోలు పశువులు బ్రెజిల్‌లో ‘నెలోరే’ అనే పేరుతో కోట్ల సంఖ్యకు పెరిగాయి. ఎండకు తట్టుకునే ఆ జాతి ఆవులకు యాంగస్‌తో సంకరం చేయించి, మెత్తని మాంసం ఉన్న దూడలను అక్కడి రైతులు పెంచుతున్నారు. ఒంగోలు ఓర్పు, యాంగస్ మెత్తదనం కోసం జరుగుతున్న కలయిక అది.

విస్కీ చరిత్ర ఇంకా పాతది. 1494 నాటి స్కాట్లాండ్ ఖజానా లెక్కల్లో, మద్యం కాచడానికి జాన్ కోర్ అనే క్రైస్తవ సన్యాసికి ఎనిమిది బోళ్ల మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, ఇచ్చినట్టు నమోదై ఉంది. బోల్ ఆనాటి ధాన్యపు కొలత. సుంకాల బాధ పడలేక శతాబ్దాల పాటు లోయల్లో దొంగచాటుగా బట్టీలు నడిచాయి. 1823 నాటి ఎక్సైజ్ చట్టం సుంకం తగ్గించాక, 1824లో గ్లెన్‌లివెట్‌లో జార్జ్ స్మిత్ లైసెన్సు తీసుకొని బహిరంగంగా బట్టీ పెట్టాడు. స్పే నది పరీవాహకంలోని ఆ ప్రాంతంలోనే నేడు స్కాట్లాండ్ బట్టీల్లో చాలా ఉన్నాయి. చట్టం ప్రకారం స్కాచ్ విస్కీ స్కాట్లాండ్‌లోనే, ఓక్ పీపాల్లో, కనీసం మూడేళ్లు మాగాలి. సీసాలో మద్యం 40 శాతానికి తగ్గకూడదు.

మాంసానికీ విస్కీకీ పొత్తు పళ్లెంలో మొదలైనది కాదు. మొలకెత్తిన బార్లీని మరపట్టి వేడినీళ్లలో నానబెడితే పిండిపదార్థం చక్కెరగా మారి నీటిలోకి దిగుతుంది. మిగిలిన పిప్పిలో పీచు, మాంసకృత్తులు ఉంటాయి. ఆ పిప్పి చుట్టుపక్కల పశువులకు మేత. స్పే నది ఒడ్డున ఉన్న బాలిండాలక్ కోటలో 1860లో మొదలైన యాంగస్ మంద నేటికీ ఉంది. 2014లో ఆ ఎస్టేట్‌లోనే బట్టీ కూడా మొదలైంది. అక్కడి పొలంలో పండిన బార్లీ బట్టీకి వెళ్తుంది, బట్టీ పిప్పి మందకు వస్తుంది. స్టేక్ మీద విస్కీ పోయడాన్ని పర్యాటకుల కోసం పుట్టిన ఆడంబరంగా కొట్టిపారేయలేకపోవడానికి ఇదే బలమైన కారణం.

అయితే సాస్ చేసే పద్ధతి మాత్రం ఫ్రెంచి వంటశాలలది. మాంసాన్ని పలచని బిళ్లలుగా కోసి వేయించే ‘కాలప్స్’ స్కాట్లాండ్‌లో పాత వంటే. 1826లో క్రిస్టియన్ ఐసోబెల్ జాన్‌స్టన్ ‘మెగ్ డాడ్స్’ అనే మారుపేరుతో వెలువరించిన వంటల పుస్తకం నాటికే అవి బాగా తెలిసినవి. కానీ కాల్చిన పెనాన్ని మద్యంతో కరిగించి, మంట అంటించి, మీగడతో ముగించడం ఫ్రెంచివారి మిరియాల స్టేక్ నుంచి వచ్చిన విద్య. బ్రాందీ స్థానంలో విస్కీ చేరింది. ఈ బంధుత్వాన్ని 1295లో స్కాట్లాండ్, ఫ్రాన్సు కుదుర్చుకున్న సైనిక ఒప్పందం దాకా లాగి చెప్పడం కొందరికి ఇష్టం. అంత దూరం వెళ్లనక్కర్లేదు. హోటల్ వంటవాళ్లు నేర్చుకున్న ఫ్రెంచి పనితనం చాలు ఈ వంటకం పుట్టుకను వివరించడానికి.

ఇక మాంసం ఎంపిక. కోసిన వెంటనే వండిన మాంసం గట్టిగా, చప్పగా ఉంటుంది. సున్నాకు కొద్దిగా పైన, ఒకటి నుంచి మూడు డిగ్రీల చలిగదిలో మూడు నాలుగు వారాలు వేలాడదీసి మాగబెడితే, కండలో సహజంగా ఉండే ఎంజైములు పోగులను వదులు చేస్తాయి. తేమ కొంత ఆవిరై రుచి చిక్కబడుతుంది. స్కాట్లాండ్ మాంసం కొట్లలో సిర్లాయిన్, రిబై, ఫిలెట్ కోతలు స్టేక్‌కు ప్రసిద్ధం. తుంటి భాగం నుంచి తీసే కోతను అక్కడివాళ్లు ‘పోప్స్ ఐ’ అంటారు. ఫిలెట్ అన్నిటికంటే మెత్తన, ఖరీదు కూడా ఎక్కువే. రుచి మాత్రం కొవ్వు చారలున్న రిబైలో, సిర్లాయిన్‌లో ఎక్కువ. విస్కీ సాస్ ఘాటుకు తట్టుకొని నిలబడేవి కూడా అవే. ముక్క మందం మూడు సెంటీమీటర్లకు తగ్గకూడదు. పలచని ముక్క పైన రంగు పట్టేలోపే లోపల ఉడికిపోతుంది.

వండే ముందు ముక్కకు ఉప్పు పట్టించే సమయం ముఖ్యం. ఉప్పు చల్లిన కొద్ది నిమిషాల్లో మాంసం నీరు వదులుతుంది. అప్పుడు పెనం మీద వేస్తే ఆ నీరు ఆవిరై, ముక్క కాలడానికి బదులు ఉడుకుతుంది. ముప్పావుగంట ఆగితే ఆ నీటిలో కరిగిన ఉప్పు తిరిగి లోపలికి ఇంకుతుంది. అందుకే ఉప్పు కనీసం ముప్పావుగంట ముందైనా పట్టించాలి, లేదా పెనం మీద వేసే క్షణంలో చల్లాలి. ఎలా చేసినా ఉపరితలాన్ని పొడిబట్టతో అద్ది తడి లేకుండా చేయాలి. పెనం బరువైన ఇనుపదైతే మంచిది. నాన్‌స్టిక్ పెనం అడుగున సారం అంటుకోదు, సారం లేనిదే సాస్ లేదు.

పొగ లేచేంతగా కాలిన పెనంలో కాస్త నూనె వేసి, ముందు ముక్క అంచున ఉన్న కొవ్వును నిలబెట్టి కరిగించాలి. తర్వాత పడుకోబెట్టి ఒక్కో వైపు రెండున్నర మూడు నిమిషాలు కాల్చాలి. 140 డిగ్రీలు దాటాక మాంసకృత్తులు, చక్కెరలు కలిసి గోధుమ రంగును, వందలాది కొత్త వాసనలను పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరే దానికి స్థిరపడింది. పైభాగం ఎర్రగా కాలితే లోపలి రసాలు బయటికి పోకుండా మూతపడతాయన్న పందొమ్మిదో శతాబ్దపు నమ్మకం ఇంకా వినిపిస్తుంది కానీ, అది నిజం కాదు. కాలిన పొర రసాన్ని ఆపదు. దాని విలువంతా రుచిలోనే.

లోపల ఎంత ఉడికిందో చెప్పేది ఉష్ణోగ్రత. ముక్క నడిమధ్యలో 52 డిగ్రీల దగ్గర పచ్చిదనం నిలిచి ఉంటుంది, 55 నుంచి 57 మధ్య గులాబీ రంగులో రసవంతంగా ఉంటుంది, 60 దాటితే రంగు తగ్గుతుంది, 70 దాటితే రసం పోయి గట్టిపడుతుంది. దించిన తర్వాత కూడా ముక్క మూడు నాలుగు డిగ్రీలు వేడెక్కుతుంది కాబట్టి కొంచెం ముందే తీయాలి. కోసినప్పుడు కారే ఎర్రని ద్రవం రక్తం కాదు, మయోగ్లోబిన్ అనే వర్ణకం కలిసిన నీరు. ముక్కను వేడి పళ్లెంలో ఐదారు నిమిషాలు కదపకుండా ఉంచితే ఆ రసం కాస్త చిక్కబడి లోపలే నిలుస్తుంది. ఆ ఐదారు నిమిషాలే సాస్‌కు దొరికే వ్యవధి.

రెండు ముక్కలకు సరిపడా సాస్‌కు ఒక చిన్న ఉల్లిపాయ, చెంచాడు వెన్న, 60 మిల్లీలీటర్ల విస్కీ, 100 మిల్లీలీటర్ల ఎముకల రసం, 120 మిల్లీలీటర్ల చిక్కని మీగడ, చిన్న చెంచాడు గింజలు కనిపించే ఆవపిండి ముద్ద, దంచిన మిరియాలు చాలు. పెనంలో మిగిలిన కొవ్వు వంపేసి, వెన్నలో సన్నగా తరిగిన ఉల్లిని మెత్తబడేదాకా వేయించాలి. పెనాన్ని పొయ్యి మీద నుంచి దించి, విస్కీని గిన్నెలో కొలిచి పోయాలి. సీసాతో ఎన్నడూ పోయకూడదు, మంట సీసాలోకి పాకే ప్రమాదం ఉంది. తిరిగి సెగ మీద పెట్టి చెక్కగరిటెతో అడుగు గీకితే అంటుకున్న సారమంతా కరుగుతుంది. మంట అంటించడం చూడముచ్చటే కానీ తప్పనిసరి కాదు. రెండు నిమిషాలు మరిగించి విస్కీని మూడో వంతుకు ఇగిర్చినా ఘాటు తగ్గి, పీపా వాసన నిలుస్తుంది. తర్వాత ఎముకల రసం పోసి సగానికి ఇగిర్చాలి. సెగ తగ్గించి మీగడ, ఆవపిండి కలిపి గరిటెకు పట్టేంత చిక్కబడగానే దించాలి. ముక్క సేద తీరిన పళ్లెంలో ఊరిన రసాన్ని చివర్లో సాస్‌లో కలపడం మరిచిపోకూడదు. ఉప్పు సరిచూసేది ఆ తర్వాతే.

మీగడ విరగడం ఈ వంటలో తరచూ ఎదురయ్యే చిక్కు. బ్రిటన్‌లో వాడే డబుల్ క్రీమ్‌లో కొవ్వు దాదాపు 48 శాతం. కొవ్వు ఎక్కువైనకొద్దీ విరిగే పాల మాంసకృత్తుల వాటా తగ్గుతుంది కనుక అది మరిగినా నిలుస్తుంది. భారతదేశంలో అట్టడబ్బాల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం దగ్గరే ఉంటుంది. దాన్ని వాడితే మంట ఆపేశాక కలిపి, మరగనివ్వకుండా వెచ్చబెట్టాలి.

ఏ విస్కీ అన్న ప్రశ్నకు రుచే జవాబు. అమెరికా బోర్బన్ పీపాల్లో మాగిన స్పేసైడ్ విస్కీలో వనిల్లా, తేనె ఛాయలుంటాయి, మీగడతో అవి సులువుగా కలుస్తాయి. షెర్రీ పీపాల్లో మాగినది ఎండుద్రాక్ష రుచి తెస్తుంది. ఐలా దీవి విస్కీ పీట్ అనే మండే మట్టి పొగ వాసన కొడుతుంది. ఇగిర్చితే ఆ పొగ ఇంకా గట్టిపడి మీగడను మింగేస్తుంది కాబట్టి దాన్ని మామూలు విస్కీలో చెంచాడు కలిపితే చాలు. పాతికేళ్లు మాగిన ఖరీదైన సీసాను పెనంలో పోయడం వృథా, దాని సున్నితమైన వాసనలు సెగకు ఎగిరిపోతాయి. మంచి బ్లెండెడ్ విస్కీ ఈ పనికి పూర్తిగా సరిపోతుంది.

పక్కన నలిపిన బంగాళాదుంప, పసుపుపచ్చని టర్నిప్ ముద్ద, వేయించిన పుట్టగొడుగులు పెడతారు. ఇదే సాస్‌ను జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే విందులో, గొర్రె లోపలి అవయవాలతో చేసే హ్యాగిస్ మీద కూడా పోస్తారు. కోడి రొమ్ములో హ్యాగిస్ కూరి చేసే ‘చికెన్ బాల్మోరల్’కూ ఇదే జోడీ. గొడ్డుమాంసం తినని ఇళ్లలో కోడిమాంసంతోనో, మందంగా కోసి వెన్నలో ఎర్రగా వేయించిన పుట్టగొడుగులతోనో ఈ సాస్ బాగా అమరుతుంది. పుట్టగొడుగులతో చేసేటప్పుడు ఎముకల రసానికి బదులు ఎండు పుట్టగొడుగులు నానిన నీళ్లు పోయాలి.

ఒక జాగ్రత్త మిగిలింది. మంట అంటిస్తే మద్యమంతా ఆవిరైపోతుందన్నది అపోహ. అలా మండించినా దాదాపు నాలుగింట మూడు వంతుల మద్యం మిగిలే ఉంటుంది, పావుగంట సన్నని సెగ మీద ఉడికించినా 40 శాతం దాకా ఉంటుంది. అందుచేత పిల్లలకు, గర్భిణులకు, మద్యం మానుకున్నవారికి ఈ సాస్ వడ్డించవద్దు. వారికోసం విస్కీ లేకుండా, ఎముకల రసం, మీగడ, మిరియాలతో వేరే గిన్నెలో సాస్ చేయండి.