కారు రూపంలో సవతి

మా వరండాలో ఒక స్కూటరు ఉంది. ఉంది అంటే నడుస్తుందని కాదు. దుప్పటి కప్పుకుని ఓ మూల పడుంటుంది. ఆదివారం వస్తే చాలు, మా ఆయన ఆ దుప్పటి తీసి, నాలుగు మరలు విప్పి, మూడు బిగించి, చేతులు నా కొత్త తువ్వాలుకి తుడుచుకుని లోపలికొస్తారు. "పాపం, దీనికింకా ప్రాణం ఉంది" అంటారు. నలభయ్యేళ్ళ కాపురంలో ఆ "పాపం" అన్నమాట నన్ను గురించి ఎన్నిసార్లు అన్నారో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అంచేత స్టీఫెన్ కింగ్ నవల "క్రిస్టీన్" ఈమధ్య మళ్ళీ చేతికి దొరికినప్పుడు, దయ్యాల కథలాగా కాక సంసారపక్షంగా చదివాను. 1983లో వచ్చిన నవల అది. పెళ్ళయిన కొత్తలో ఎవరో ఇస్తే చదివి, ఆ రాత్రి వాకిట్లో ఏ బండి చప్పుడయినా ఉలిక్కిపడ్డాను. ఇప్పుడు ఉలికిపాటు లేదుగాని, ఆనాడు నవ్వి వదిలేసిన చోట్ల మనసు కలుక్కుమంది.

కథ చెప్పేస్తాను. ముగింపు దాచుకోవాల్సిన డిటెక్టివ్ నవలేం కాదు. 1978లో, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఓ ఊళ్ళో, ఆర్నీ అని పదిహేడేళ్ళ కుర్రాడు. మొహంనిండా మొటిమలు, కళ్ళద్దాలు, బడిలో అందరికీ లోకువ. వాడికి దేవుడిచ్చిందల్లా చేతుల్లో పనితనం. ఓరోజు ఒక ముసలాయన ఇంటిముందు తుప్పుపట్టి, అద్దాలు పగిలి, నూనె కారుతున్న పాతకారు చూసి మనసు పారేసుకుంటాడు. 1958 మోడల్ ప్లిమత్ ఫ్యూరీ. రోడ్డుపని చేసి సంపాదించుకున్న డబ్బులోంచి 250 డాలర్లు పోసి కొంటాడు. దాని పేరు క్రిస్టీన్. కారు బాగవుతున్నకొద్దీ కుర్రాడు చెడిపోతూ ఉంటాడు. చివరికి కారు ఎవరినైతే పగబట్టిందో వాళ్ళని తనంతట తనే వెళ్ళి చంపడం మొదలెడుతుంది.

ప్లిమత్ అంటే మన పెద్దవాళ్ళకి తెలియని పేరేం కాదు. ఒకప్పుడు బొంబాయిలో ప్రీమియర్ వాళ్ళు అమెరికాలోని క్రైస్లర్ కంపెనీ లైసెన్సుతో డాడ్జి, ప్లిమత్ కార్లు బిగించేవారు. అయితే ఫ్యూరీ సంగతి వేరు. వెనకవైపు చేపరెక్కల్లా లేచిన ఆ రెక్కల సొగసు వర్జిల్ ఎక్స్‌నర్ అనే ఆయన చలవ. 1957లో ఆ రూపం చూసి జనం నోళ్ళు తెరిచారుగాని, హడావుడిగా తయారుచేసి వదిలిన బళ్ళు కావడంతో తొందరగా తుప్పుపడతాయని చెడ్డపేరూ తెచ్చుకున్నాయి. చూడ్డానికి బాగుండి, నాలుగు ఉతుకులకి వెలిసిపోయే చీరలుంటాయే, అలాగన్నమాట. 1958లో తయారైన ఫ్యూరీలు మొత్తం 5,303. అన్నీ లేత గోధుమరంగువే, అన్నిటికీ రెండేసి తలుపులే. కింగ్‌గారి కారు ఎరుపూ తెలుపూ. ముసలాయన ప్రత్యేకంగా ఆర్డరిచ్చి వేయించుకున్నాడని ఆ సంగతి సర్దేశారుగాని, వెనక తలుపులు కూడా పెట్టేశారు. కారు పిచ్చివాళ్ళు దీన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటారు. నాకైతే అది పెద్ద తప్పుగా తోచలేదు. సవతికి ఎన్ని చేతులున్నాయో ఎవరు లెక్కపెడతారు!

నాకు తప్పుగా తోచింది మరొకటుంది.

పాతకారుని నిజంగా బాగుచేయడం అంటే ఏమిటి? ఒక్కొక్క మర విప్పి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి దాచాలి. తుప్పు తిన్న రేకు మంచి రేకు తగిలేదాకా కోసి, కొత్త ముక్క అతికి, వెల్డింగు చేసి, అరగదీసి, చేత్తో తడిమి చూడాలి. కంటికి ఆనని గుంట వేలికి ఆనుతుందట. బంపర్లకి రాగి, నికెలు, ఆపైన క్రోమియం పూతలు వేయించాలి. ఫ్యూరీకి సరిపడే సామాను దొరక్కపోతే, అదే ఒడ్డూపొడుగూ ఉన్న బెల్వడీర్, సవాయ్ బళ్ళ కోసం పాతసామాను దిబ్బలన్నీ వెతకాలి. నెలలూ ఏళ్ళూ పట్టే పని. నవల మొదటి భాగంలో ఆ పని వాసన కొంత తగులుతుంది. డార్నెల్ అనేవాడి షెడ్డులో అద్దెకి చోటు తీసుకుని ఆర్నీ పడే పాట్లు, గోళ్ళలో మడ్డి, బడికి వెళితే నిద్ర. పని ఒక వరుసలో సాగడంలేదని స్నేహితుడు డెన్నిస్ గమనిస్తాడు కూడా. పగిలిన అద్దం అలాగే ఉంటుంది, ఇంకెక్కడో కొత్త తళుకు కనిపిస్తుంది. ఇదేమిటా అని మనమూ ముందుకి వంగుతాం.

తీరా చూస్తే ఏముంది? కారు తనని తానే బాగుచేసుకుంటోంది! మైళ్ళు లెక్కపెట్టే మీటరు వెనక్కి తిరుగుతుంటుంది, అది తిరిగినకొద్దీ కారు పడుచుదవుతుంటుంది. భయం పుట్టించేందుకు మంచి ఎత్తే. కానీ వాడికున్న ఒక్కగానొక్క విద్య, ఆ చేతిపని, రచయిత లాగేసుకున్నాడు. తన చేతులతో మరమరా తిప్పి బతికించినది తనని మింగేస్తే దుఃఖం. దయ్యమే అన్నీ చేసుకుంటే వాడు అక్కడ ఉండటం దేనికి, కాపలాకా? ఈమాట మా ఆయనతో అంటే, ఆయన కాగితంలోంచి తలెత్తి, "తనంతట తనే బాగయిపోతే ఇక ఆదివారాలు ఏం చేస్తాడుట?" అన్నారు. ఎంతమంది విమర్శకులు చదివారో ఈ నవలని, ఈ ప్రశ్న మాత్రం మా వరండాలోనే పుట్టింది.

అదే సంవత్సరం జాన్ కార్పెంటర్ దీన్ని సినిమాగా తీశాడు. రౌడీ కుర్రాళ్ళు నుజ్జునుజ్జు చేసిన కారు ఎదట ఆర్నీ నిలబడితే, సొట్టలన్నీ ఒక్కొక్కటే ఉబికి, రేకులు సాపై, బంపరు తళతళలాడుతూ లేచి కూర్చుంటుంది. ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది. అదెలా తీశారో తెలుసాండీ? కారు లోపల హైడ్రాలిక్ పంపులు పెట్టి, బాగున్న రేకుని లోపలికి లాగి సొట్టలు పొడిపించి, ఆ ఫిల్మ్‌ని వెనక్కి తిప్పారు. బాగవడం చూపించాలని బాగున్నదాన్ని పాడుచేశారన్నమాట. అందుకోసం కొన్న పాత ప్లిమత్‌లు ఒకటీ రెండూ కాదు, చాలా ముక్కలైపోయాయి. ఫ్యూరీలు చాలక బెల్వడీర్లకీ సవాయ్‌లకీ వేషం వేశారు.

సరే, ఆడవాళ్ళ సంగతికొద్దాం. ఆర్నీకి లీ అని చక్కని పిల్ల స్నేహమవుతుంది. ఆ కార్లో కూర్చుంటే ఎవరో కళ్ళప్పగించి చూస్తున్నట్టు ఉంటుంది ఆ పిల్లకి. ఓ రాత్రి కార్లో తింటూండగా ముద్ద గొంతుకడ్డం పడి ఊపిరాడదు. ఇంజనులో సన్నని తేడా శబ్దం కూడా పసిగట్టగల ఆర్నీకి, పక్కనున్న పిల్లని ఎలా కాపాడాలో తెలియదు, వీపుమీద బాదుతాడు. దారిలో ఎక్కించుకున్న ఎవరో అపరిచితుడు బతికిస్తాడు. ఈ ఒక్క ఘట్టానికి కింగ్‌గారికి నమస్కారం పెట్టొచ్చు.

అంతకంటే నన్ను పట్టి కుదిపింది వెరోనికా. కారు మొదటి యజమాని భార్య. వాళ్ళ చిన్నారి కూతురు ఆ కార్లోనే గొంతుకి అడ్డంపడి చనిపోతుంది. ఈ కారు అమ్మెయ్యమని ఆ తల్లి బతిమాలుకుంటుంది. ఆయన అమ్మడు. కొన్నాళ్ళకి ఆమె కూడా ఆ కార్లోనే ప్రాణం తీసుకుంటుంది. నిజమైన నవల ఇక్కడుంది! అదేమో మరిది నోట నాలుగు పేజీల్లో వెళ్ళిపోయింది. ఆమెకి ఒక్క అధ్యాయం ఇచ్చుంటే, మీటరు వెనక్కి తిరగకపోయినా మనం వణికేవాళ్ళం. కాగితాలకేం కొదవలేదు. కథ చెబుతున్న డెన్నిస్ కాలు విరిగి ఆసుపత్రి పాలయ్యాక, మధ్యభాగమంతా రచయితే పూనుకుని చెబుతాడు, అక్కడ చావులమీద చావులు, చదవలేక పేజీలు దాటించాను.

ఇక తల్లి రెజీనా. ఆవిడా భర్తా యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. (ఆ యూనివర్సిటీ పేరు హార్లిక్స్. నవ్వకండి.) కొడుకు కాలేజీ చదువు తప్ప మరోటి వినదు. ఆ డొక్కు మా ఇంటిముందు ఉండటానికి వీల్లేదంటుంది. రాజీపడి ఎయిర్‌పోర్టులో పెట్టుకోమంటారు. రౌడీలు కారుని నాశనం చేసేది అక్కడే. మొదటిసారి చదివినప్పుడు ఇంత కఠినురాలా అనుకున్నాను. కింగ్‌గారూ అలాగే అనుకోమంటాడు.

మా పెద్దవాడు పదిహేడేళ్ళప్పుడు, సందు చివర మెకానిక్ షెడ్డులో సాయంత్రాలు గడిపేవాడు. అక్కడే పని నేర్చుకుంటానని ఓరోజు అడిగాడు. "నూనె చేతులతో అన్నం తింటావా? ఇంజనీరింగు సీటు సంగతి చూడు" అన్నాను. మళ్ళీ అడగలేదు. ఇప్పుడు బెంగుళూరులో కంప్యూటరు ముందు కూర్చుంటాడు, మంచి జీతం. రెజీనా మాటలు చదువుతూంటే నా గొంతే వినపడింది. ఆవిణ్ణి తప్పుపట్టలేను, సమర్థించుకోనూ లేను. కింగ్‌గారు మాత్రం ఆవిడకి అలాంటి వెనక్కి చూసుకునే అవకాశం ఇవ్వలేదు. చివర్లో కొడుకుతోపాటు రోడ్డు ప్రమాదంలో చంపేశాడు.

మొన్న పండక్కి వాడొచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే స్కూటరుమీద దుప్పటి తీశాడు. తండ్రీకొడుకులు కార్బురేటరు ఊడదీసి, పెట్రోలు పోసి నా స్టీలు బేసిన్లో నానబెట్టారు. చూస్తూ ఊరుకున్నాను. ఆ బేసిను ఇంకా వరండాలోనే ఉంది.