డి.ఎన్.ఎస్. రక్షణకు 2008 నాటి చికిత్స: ఒక విమర్శ

ఇంటర్నెట్టులో టైపుచేసిన పేరుకు సరియైన కంప్యూటరు చిరునామాను వెదకి చెప్పే ఏర్పాటును డొమైన్ నేమ్ సిస్టమ్, క్లుప్తంగా డి.ఎన్.ఎస్., అంటారు. 1983లో పాల్ మొకపెట్రిస్ దీనికి రూపకల్పన చేసినాడు. బ్యాంకు పేరు కొట్టినవాడు బ్యాంకుకే చేరుతున్నాడా, మరెవరి గుమ్మంలోనో నిలుస్తున్నాడా అన్నది డి.ఎన్.ఎస్. సర్వరు చెప్పే జవాబు మీదనే ఆధారపడి ఉన్నది. 2008 జులై 8న అనేక పెద్ద సంస్థలు ఒకేసారి ఈ సర్వర్లకు సవరణలు విడుదల చేసినవి. అంతమంది కూడబలుక్కొని, గుట్టు బయటపడకుండా పని ముగించడం సామాన్యమైన విషయం కాదు. కాని ఆ చికిత్స సర్వరు గడప దాటిన తరువాత ఏమౌతుందన్న విచారణ చాలినంతగా జరిగినట్లు కనబడదు.

ముందు రోగం సంగతి చూడాలి. ఒక సర్వరు మరొక దానిని ప్రశ్నించేటప్పుడు ఆ ప్రశ్నపై 16 బిట్ల సంఖ్య ఒకటి వేస్తుంది. జవాబుపై అదే సంఖ్య ఉంటేనే నమ్ముతుంది. ఇటువంటి సంఖ్యలు 65,536 మాత్రమే. అసలు జవాబు వచ్చేలోపల మోసగాడు ఆ సంఖ్యను ఊహించి దొంగ జవాబు పంపగలిగితే, సర్వరు దానినే నిజమనుకొని దాచుకొంటుంది. ఐతే వాని గురి తప్పితే అసలు జవాబు సర్వరులో నిలిచిపోతుంది. దాని గడువు తీరేదాకా, ఒక్కొక్కప్పుడు ఒక రోజంతా, వాడు కాచుకొని ఉండవలసిందే. ఈ నిరీక్షణయే పెట్టనికోట అని చాలామంది ధీమాగా ఉండిరి. డాన్ కామిన్‌స్కీ అనే అమెరికన్ పరిశోధకుడు 2008లో ఆ ధీమాను పోగొట్టినాడు. అసలు లేని పేర్లను, ప్రతిసారీ ఒక కొత్తదానిని, అడిగిస్తే గడువుతో నిమిత్తమే ఉండదు. ఆ దొంగ జవాబుకు "ఈ డొమైనును చూచే సర్వరు ఫలానా చోట ఉన్నది" అని తోక ఒకటి తగిలిస్తే, డొమైను యావత్తూ మోసగాని వశమౌతుంది. ఒక్కొక్క ప్రయత్నంలో నూరు దొంగ జవాబులను అసలుదానికంటె ముందు చేర్చగలిగితే, సగటున 655 ప్రయత్నాలు చాలును. విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేసి చూడవచ్చును.

దీనికి చేసిన చికిత్స ఇది: అంతవరకు అనేక సర్వర్లు ఒకే పోర్టునుండి ప్రశ్నలు పంపేవి. ఇకమీదట ప్రతి ప్రశ్నకు పోర్టును కూడా యాదృచ్ఛికంగా ఎన్నుకోవాలన్నారు. 1024 నుండి 65,535 వరకు గల పోర్టులు 64,512. దీనిని 65,536 చేత గుణిస్తే 422 కోట్లు దాటుతుంది. మోసగానికి పని అంత పెరిగిందన్నమాట. డి.జె. బెర్న్‌స్టీన్ తన ప్రోగ్రాములో ఈ పద్ధతిని ఏండ్ల ముందే అమలుపరచినాడు. తక్కినవారు ఆ మాట చెవిని పెట్టకపోవడం వేరే కథ.

చిక్కు ఇక్కడ మొదలౌతుంది. చిరునామాల కొరత వల్ల లోపలి కంప్యూటర్లన్నింటినీ ఒకే బయటి చిరునామాతో నడిపే చిరునామా మార్పిడి పద్ధతి, అనగా నాట్, 1994 నాటికే ప్రతిపాదనకు వచ్చినది. దీనిని హాస్టలు గుమాస్తాతో పోల్చవచ్చును. పిల్లలు వ్రాసిన ఉత్తరాలన్నింటిపైనా అతడు హాస్టలు చిరునామా వేస్తాడు. ఏ జవాబు ఎవరిదో తెలియడానికి తన సొంత నంబరు వేసుకొంటాడు. ఒక పిల్లవాడు ఎవరూ ఊహించరాదని 48,317 అని వేసి ఇస్తే, గుమాస్తా దానిని కొట్టివేసి 1,025 అని వేస్తాడు. తరువాతి ఉత్తరానికి 1,026, ఆ పైదానికి 1,027. అనేక నాట్ యంత్రాలు 2008లో అచ్చంగా ఈ పనే చేసేవి. పోర్టును మార్చకుండా వదలిపెట్టే యంత్రాలు కూడా లేకపోలేదు. అది వాటి తయారీని బట్టి ఉండేది.

వరుస తెలుసుకొనడం మోసగానికి కష్టం కాదు. తన సొంత డొమైనులోని పేరును ఆ సర్వరుచేత ఒకసారి అడిగించితే చాలును. ప్రశ్న వాని సర్వరుకే వస్తుంది. దానిపై నాట్ వేసిన పోర్టు సంఖ్య కంటి ఎదుటనే ఉంటుంది. తరువాతి సంఖ్యలు ఇంచుమించు ఏవో వేళ్ళపై లెక్కించవచ్చును. 422 కోట్లు మళ్ళీ ఆ పాత 65,536 దరిదాపులకు దిగజారుతుంది. సవరణ చేసిన అధికారి మాత్రం తన సర్వరు క్షేమమనే అనుకొంటాడు. లోపలినుండి పరీక్షిస్తే పోర్టులు చక్కగా చెదరియే కనబడతవి. బయటినుండి చూచినప్పుడే గుట్టు తెలుస్తుంది.

దోషం నాట్ తయారుచేసినవారిదని తీర్పు చెప్పడం తేలికే. కాని పోర్టు సంఖ్య రహస్యమని వారికి ఎవరు చెప్పినారు? అది జవాబును సరియైన చోటికి చేర్చే గుర్తు మాత్రమే. గుమాస్తా తన పని తాను సవ్యంగానే చేసినాడు. ఉత్తరం కవరుపై వ్రాసిన అంకెను రహస్య సంకేతంగా వాడుకొని, దారిలో దానిని ఎవరూ ముట్టుకోరని నమ్మడమే ఈ చికిత్సలోని అసలు లోపం. నాట్ యంత్రాలు పోర్టును ఉన్నదున్నట్లు ఉంచాలి, లేదా ఊహకందని రీతిలో ఎన్నుకోవాలి అన్న సలహా 2011 జనవరిలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 6056లో చోటుచేసుకొన్నది. అప్పటికి సవరణ విడుదలై రెండున్నర ఏండ్లు!

నాట్ లేని చోట కూడా పోర్టును వేరే దారిలో పసిగట్టవచ్చునని 2020లో మరొక పరిశోధన చూపినది. జవాబులోనే సంతకం ఉంచే డి.ఎన్.ఎస్.సెక్ పద్ధతికి ఈ బాధ లేదు. కవరుపై ఎవరేమి కొట్టివేసినా లోపలి సంతకం చెడదు. దీని నిర్దేశాలు 2005లోనే సిద్ధమైనవి. వ్యవస్థ మూలానికి సంతకం మాత్రం 2010 జులై 15న పడినది. ఆ సంతకం లేని డొమైన్లు నేటికీ కోట్లలో ఉన్నవి. వాటి రక్షణ ఇప్పటికీ ఆ రెండు అంకెల మీదనే నడుస్తున్నది.