బాపు ఏ కాలేజీలో చదివాడు?

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే చాలు, మనవాళ్లకి చిత్రకారుడు బాపు గుర్తొస్తారు. పిల్లాడు ఫైన్ ఆర్ట్స్‌లో చేరతానంటే ‘‘బాపు ఏ ఆర్ట్ కాలేజీలో చదివాడండీ?’’ అని నోరు మూయిస్తారు. ఈ వారం మళ్లీ అదే మాట విని చిరాకేసింది. బాపు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి పుచ్చుకున్నది లా పట్టానే, కాదనలేం. అంత పెద్ద పేరు ముందు పెడితే ఇక వాదించేదెవరు?

మరి చిత్రకారుడు లక్ష్మాగౌడ్ సంగతి చూడండి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, 1963లో పైచదువుకి బరోడా వెళ్లారు. అక్కడ ప్రింట్‌మేకింగ్ చేతికొచ్చింది. ఎచింగ్ ఇంటి వసారాలో కూర్చుని నేర్చుకునే పని కాదు. జింకు పలకకి మైనపు పూత వేసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచాలి. కాస్త ఎక్కువసేపు ఉంచితే గీత లావెక్కుతుంది, ఇంకా ఉంచితే పక్క గీతలో కలిసిపోతుంది. తరవాత ఇంకు పట్టించి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సు రోలర్ల కిందనుంచి లాగాలి. పేరూ డబ్బూ రాకముందు ఆ ప్రెస్సు, యాసిడ్ తొట్టి, గాలి ఆడే గది ఎవరు సొంతంగా సమకూర్చుకోగలరు? ఇప్పుడు వీడియోలున్నాయిగా అంటారు. వీడియోలో చెయ్యి ఎలా కదలాలో కనిపిస్తుంది, కానీ మన పలక ఎక్కడ చెడిందో అది చెప్పదు. కాలేజీ అందరినీ ఒకే మూసలో పోస్తుందన్న ఆక్షేపణ ఇంకొకటి. అలాంటి కాలేజీలూ ఉన్నాయి. అయితే తోట వైకుంఠం కూడా బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివినవారే. ఇద్దరూ తెలంగాణ పల్లెనే పట్టుకున్నారు. అయినా వైకుంఠం నిండు బొట్టు ఆడవాళ్లని చూసి లక్ష్మాగౌడ్ గీత అని పొరబడేవాళ్లు ఎవరూ ఉండరు.

ఈ లెక్క చివరిదాకా వేస్తే మాత్రం పట్టా వాటాకి ఏమీ మిగలదు. అక్కరకొచ్చింది ప్రెస్సు, తప్పు పట్టే గురువు కన్ను. ప్రెస్సు తుప్పు పట్టి, మాస్టారి పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీలో నాలుగేళ్లు గడపడం కంటే చేర్యాలలో ఓ నకాషీ చిత్రకారుడి ఇంట పని నేర్చుకోవడం మేలు. ఆ మాటకొస్తే బాపు కూడా బడి లేకుండా ఎదగలేదు. ఆంధ్రపత్రికే ఆయన బడి. గడువులోగా బొమ్మ ఇవ్వాలి, అచ్చులో చూసుకోవాలి, మళ్లీ వెయ్యాలి. కాలేజీ లేకుండానే చిత్రకారుడు కావచ్చని పెద్దలు అనడంలో తప్పులేదు. కానీ కొత్త కుర్రాడి చేత బొమ్మలు వేయించుకుని డబ్బిచ్చే వారపత్రికలు ఇవాళ ఎన్ని మిగిలాయి? బాపు పేరు చెప్పి పిల్లాణ్ని ఆపేవాళ్లు వాడికి అలాంటి పత్రిక ఒకటి చూపించాలి. చూపించలేకపోతే, ప్రెస్సు ఇంకా తిరుగుతున్న కాలేజీ ఎక్కడుందో వాకబు చేసి చేర్పించాలి.